మా అవ్వ ఖాకీ ప్యాంటు

ఆడవాళ్ళకు ప్యాంటు ఇచ్చిన రైల్వే వారికి వెయ్యి నమస్కారాలు!

పట్నంలో ఎవరో పెద్దమ్మలు సభ పెట్టి, రైల్వేలో పనిచేసే స్త్రీలకు వేరే యూనిఫాం కుట్టించాలని తీర్మానం చేశారట. స్టేషన్ మాస్టరు గారింటికి వచ్చే పత్రికలో చదివాను. చదివి గుండె గుభేలుమంది. తల్లులారా, అంత పని చేయకండి! మీరు ప్యాంటు తొడుక్కుని చూడలేదు కనుక అట్లా అంటున్నారు. నేనూ తొడుక్కోలేదనుకోండి. కాని మా అవ్వ, అంటే మా అమ్మ, తొడుక్కుంది. దానివల్ల మా ఇంటికి జరిగిన మేలు వింటే మీరే ఆ తీర్మానం చింపి పొయ్యిలో పెడతారు.

ముందు కొంచెం చరిత్ర. చరిత్ర లేకుండా వ్యాసం మొదలుపెడితే మా బడి పంతులు మార్కులు వేయడు.

మా నాయనమ్మ పోశవ్వ నిజాం కాలంలో ఈ లైను వేస్తున్నప్పుడు కంకర తట్టలు మోసింది. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మా తాత పేరు రాసి పక్కన "ఒక జోడి" అని రాసుకునేవారట, చెప్పులకు రాసినట్టు! ఎంత ముచ్చటైన పద్ధతి! రెండు పేర్లు రాసే శ్రమ లేదు, సిరా ఖర్చు లేదు.

తర్వాత మా అవ్వ, గంగుబాయి. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు మా బాపు, అంటే మా నాన్న, నాగయ్య గేట్‌మన్‌గా చేరాడు. జమ్మికుంటకు పోయే బండ్ల బాట రైలు పట్టాలను దాటేచోట ఒక గేటు, దాని పక్కన మాకు ఒక్క గది క్వార్టరు. రైలు వస్తుంటే గేటు వేయాలి, పచ్చజెండా పట్టుకుని నిలబడాలి, రైలు పోయాక గేటు తీయాలి. మందమర్రి బొగ్గు రైళ్ళకు వేళాపాళా ఉండదు. ఒక్క మనిషి రోజంతా, ఏడాదంతా కన్ను మూయకుండా ఉండగలడా? ఉండగలడనే రైల్వే వారి నమ్మకం. బాపు పడుకున్నప్పుడు, సంతకు పోయినప్పుడు, చలిజ్వరం వచ్చినప్పుడు గేటు వేసింది మా అవ్వే. పన్నెండేళ్ళు! రిజిస్టరులో మాత్రం నాగయ్య ఒక్కడే. నిద్రపోతూ కూడా గేటు వేయగల మొనగాడు మా బాపు!

నిరుడు కామెర్లు వచ్చి బాపు పోయాడు. రైల్వే వారు దయతలచి ఆ పని అవ్వకే ఇచ్చారు. అయితే టెంపరరీ. ఆరు నెలలు చూస్తారు. నచ్చితే పర్మనెంటు. నచ్చకపోతే క్వార్టరు ఖాళీ చేసి నాయనమ్మా, అవ్వా, నేనూ, ఒక మేకా రోడ్డున పడాలి. కాగితం చివర ఇంకొక మాట ఉంది. డ్యూటీ మీద యూనిఫాం తప్పనిసరి.

యూనిఫాం వచ్చింది. ఖాకీ ప్యాంటు, ఇత్తడి గుండీల ఖాకీ కోటు, పగిడీ. ఆడవాళ్ళ కోసం వేరే ఏమీ లేవట. గేట్‌మన్ అంటే మొగవాడే అని బట్టలు కుట్టేవారికి ఎప్పుడో తెలిసిపోయింది!

ఆ ప్యాంటు ఆరడుగుల మనిషిది. అవ్వ ఎంత నిక్కినా అయిదడుగులు లేదు. పైగా అవ్వ పుట్టిల్లు ఆదిలాబాదు అవతల, మరాఠీ మాట్లాడే ఊరు. గోచి పెట్టి చీర కట్టే మనిషి. చీర మీద ప్యాంటు తొడిగితే లోపల ఇంకొకరు దాక్కున్నట్టు ఉబ్బింది. చీర విప్పి తొడిగితే బయటికి రావడానికి సిగ్గు. మూడు రోజులు తలుపు వేసుకుని అభ్యాసం చేసింది. చివరికి కాళ్ళ దగ్గర మూడు మడతలు వేసి, నడుముకు మేక తాడు కట్టి, పైన మోకాళ్ళ దాకా కోటు వేసుకుంటే కుదిరింది. మేక ఆ రోజు స్వాతంత్ర్యం అనుభవించి పక్కింటి బీరపాదు తినేసింది.

నాయనమ్మ కోడలిని ఎగాదిగా చూసి, "మీసమొక్కటే తక్కువ గంగూ! బట్టలిచ్చెటోళ్ళను గదొక్కటి గూడ అడుగపోతివి!" అంది.

ఇక ఆ ప్యాంటు మహిమలు చూడండి! రెండు కాళ్ళ చివరలూ ముడివేస్తే ఒక్కో కాలులో మూడు కుంచాల జొన్నలు పడతాయి. ఏ చీరలోనైనా పడతాయా? పగిడీ విప్పితే పక్క ఊరి బాలింతకు ఉయ్యాల అయింది. కోటుకు నాలుగు జేబులు. ఒకదానిలో అవ్వ ఆకువక్క, ఇంకొకదానిలో నా బలపం ముక్కలు, మూడోదానిలో చింతపండు. నాలుగోదానిలో ఏముందో నాయనమ్మ చెప్పనివ్వదు. ఇత్తడి గుండీల మీద ఎండ పడితే ఆ మెరుపుకు కోతులు మా కప్పు మీదికి దూకడం మానేశాయి. ఇన్ని మేళ్ళు చేసే గుడ్డ లోకంలో ఇంకెక్కడుంది?

అన్నిటికంటే పెద్ద మేలు మర్యాద. ఇదివరకు జమ్మికుంట మార్కెట్టుకు పోయే పత్తి బండ్లు గేటు ముందు ఆగితే, బుచ్చిరాములు అనే బండి ఆసామి రోజూ కేకలు వేసేవాడు.

"ఏయ్ గంగూ! గేటు తియ్యవేందే! మార్కెట్ల నా పత్తి నువ్వు అమ్ముతవా?"

అవ్వ ప్యాంటు తొడిగిన మొదటి రోజు అదే బుచ్చిరాములు బండి దిగాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సాబ్, రైలు ఎంతసేపట్ల వస్తది సాబ్?"

"నేనే బావా, గంగుబాయిని."

బుచ్చిరాములు తేరిపార చూశాడు. తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు.

"నువ్వానే? మరి గేటు తియ్యవేందే!"

చూశారా! ప్యాంటు వల్ల మా అవ్వకు మర్యాద దక్కింది. నోరు విప్పేదాకా ఉంది కూడా. చీరకు ఆపాటి మర్యాద అయినా ఎప్పుడైనా దక్కిందా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆరో నెల రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు గోపాల్‌రావు గారు తోపుడు ట్రాలీ మీద కూర్చుని లైను చూడటానికి వచ్చారు. వెనుక ఇద్దరు మనుషులు ట్రాలీని తోస్తున్నారు. అవ్వ కోటు దులుపుకుని, పగిడీ సవరించుకుని, పచ్చజెండా పట్టుకుని, కొయ్య పాతినట్టు నిలబడింది.

"సబ్ ఠీక్ హై?" అని ఆయన ట్రాలీ మీది నుంచే అడిగారు.

పెద్ద దొర ముందు మాట్లాడకూడదనుకుని అవ్వ ఉత్త సలాం కొట్టింది. ఆయన సంతోషంగా తల ఊపి సాగిపోయారు. నాయనమ్మ బెల్లం ముక్క పంచింది. ఇక పర్మనెంటే అనుకున్నాం!

వారానికి నోటీసు వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే స్టేషన్ మాస్టరు చదివి చెప్పారు. "గేటు దగ్గర ఒక పురుషుడు చక్కని యూనిఫాంలో, చురుకుగా పని చేస్తున్నాడు. గంగుబాయి అనే స్త్రీ డ్యూటీకి గైర్‌హాజరు. ఆ పురుషుడు ఎవరు? ఆమె ఎందుకు రాలేదు? విచారణ జరుగును."

పాపం, ఆయన తప్పేముంది? బాపు పోయిన పదకొండో నాడు ఊరంతా కలిసి అవ్వ బొట్టు తుడిచింది, గాజులు పగలగొట్టింది. కొప్పును పగిడీ దాచింది. మిగిలినదంతా కోటు దాచింది. ఆడమనిషి అని గుర్తుపట్టడానికి ఊరు మిగిల్చింది లేదు, రైల్వే మిగిల్చింది లేదు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నంత చక్కగా కుదిరింది!

నోటీసు సంగతి వినగానే మా చిన్నబాపు రాయమల్లు ఊరి నుంచి పరుగెత్తుకొచ్చాడు. బాపుకు తమ్ముడు. బాపు పోయినప్పుడు కూడా ఆయన అంత తొందరగా రాలేదు.

"వదినా, జర కూడ ఫికర్ వెట్టుకోకు. గా మనిషిని నేనే అని చెప్పు. నౌకరి నా పేరు మీద ఉంటది, ఇల్లు పోదు. గేటు ఎట్లాగు నువ్వే ఏస్తవు. నెలకొకపారి వచ్చి దస్తఖత్ నేను జేస్త."

"గంత కష్టం నీకెందుకులే మరిదీ," అంది అవ్వ.

"ఇంటోళ్ళ కోసం గామాత్రం జెయ్యనా?" అన్నాడు చిన్నబాపు. అప్పటికే ఆ ప్యాంటును నడుముకు పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. మేక తాడు కూడా అక్కరలేదు!

ఆ పూట అవ్వ అన్నం ముట్టలేదు. ఆ మనిషిని నేనే అంటే దొర నమ్ముతారో లేదో. చిన్నబాపు మాట కాదంటే గైర్‌హాజరు, గైర్‌హాజరైతే క్వార్టరు పోతుంది. సరే అంటే నీడ ఉంటుంది. నాకు మాత్రం చిన్నబాపు ఆలోచన బ్రహ్మాండంగా తోచింది. పని ఆడవాళ్ళది, పేరు మొగవాళ్ళది! పన్నెండేళ్ళు మా ఇంట్లో ఇదే పద్ధతి సాఫీగా నడిచింది కదా?

విచారణ రోజు గోపాల్‌రావు గారు మా గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కన మాస్టరు, కాస్త దూరంగా ట్రాలీ మనుషులు. అవ్వ చీరలో, తలమీద కొంగుతో నిలబడింది. చిన్నబాపు మీసం దువ్వుకుని వచ్చాడు.

"సూడమ్మా, నువ్వు రాలేదని నాకు కోపం లేదు. గా మొగాయన జెండ మంచిగ వట్టిండు, నిటారుగ నిలవడ్డడు. గసొంటి మనిషే మాకు గావాలె. పేరు జెప్పు. ఆయన్నే పర్మనెంట్ జేస్త. మీ ఇల్లు మీకే ఉంటది," అన్నారు ఆయన.

చిన్నబాపు దగ్గాడు. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అవ్వ ఒకసారి క్వార్టరు తలుపు వైపు చూసింది. ఒకసారి గేటు వైపు చూసింది.

"రాసుకోండ్రి సారూ. గంగుబాయి."

"నీ పేరు గాదు, ఆయన పేరు."

"గదే సారూ. ఆయన పేరు గూడ గంగుబాయే."

"పరాచికాలాడుతున్నవా?"

అవ్వ లోపలికి పోయి తలుపు వేసుకుంది. మడతలు వేసి, తాడు కట్టి, గుండీలు పెట్టుకుని, పగిడీ చుట్టుకుని బయటికి వచ్చి నిలబడింది.

గోపాల్‌రావు గారు కుర్చీలోంచి లేచారు. "గీయన్నే! గీయన్నే నేను జూసింది! ఇంతసేపు ఏడున్నడు?" అన్నారు. తర్వాత అటూ ఇటూ చూసి, "మరి గంగుబాయి ఏడికి వోయింది? ఇప్పుడే గీడ ఉండె గద! పిలువుండ్రి!" అన్నారు.

మాస్టరు గారు ఆకాశంలోకి చూస్తున్నారు. అవ్వ పగిడీ తీసింది. కొప్పు జారి వీపు మీద పడింది.

ట్రాలీ తోసే మనుషులు ట్రాలీ మీదే కూలబడి నవ్వారు. ఒకడు నవ్వు ఆపుకోలేక పట్టాల మీదికి జారాడు. ఇన్‌స్పెక్టరు గారు చాలాసేపు కలం మూత తీశారు, పెట్టారు.

"పేరేమో ఆడోళ్ళది. బట్టలేమో మొగోళ్ళయి. నేనేమని రాయాలెనమ్మా?"

"పని జేస్తున్నదని రాయుండ్రి సారూ."

చిన్నబాపు మళ్ళీ దగ్గాడు.

"నువ్వెవరయ్యా?" అన్నారు గోపాల్‌రావు గారు.

"ఎవ్వల్ని గాదు సార్," అని చిన్నబాపు మేక వెనకాలకు తప్పుకున్నాడు.

నెల తర్వాత ఆర్డరు వచ్చింది. గంగుబాయి, గేట్‌మన్, పర్మనెంటు! నేను దాన్ని మాస్టరు దగ్గర తెలుగులో రాయించుకుని, ఇంటికి వచ్చి అవ్వకు నాలుగుసార్లు చదివి వినిపించాను. నాయనమ్మ అయిదోసారి కూడా చదవమంది. చదివాను. ఉద్యోగం మొదలైన తేదీ దగ్గరికి రాగానే అవ్వ ఆపమంది.

అది ఇన్‌స్పెక్టరు గారు ట్రాలీ మీది నుంచి ఖాకీ మనిషిని చూసిన తేదీ.

"గంతకు ముందు గేటు ఎవలేసిండ్రట?" అంది అవ్వ.

కాగితం ముందు చూశాను. వెనుక చూశాను.

"ఎవ్వలు ఎయ్యలేదట అవ్వా."

అవ్వ గేటు వైపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు వచ్చి, కోటు చేతితో తుడుచుకుంది.

"మీ బాపు పండుకున్న పన్నెండేండ్లు, గాయన పోయినంక ఆర్నెల్లు దానంతటదే పడ్డదా బిడ్డా! గీ గేటుకు గంత తెలివి ఉందని నాకెర్కనే లేకపాయె. ఉత్తగనే గద, పొయ్యి మీది కూర మాడవెట్టుకుంట ఉరికిన!"