సుబేదారు గారి కప్పూ సాసరూ

సైన్యంలో ఒక మనిషికి పైహోదా వస్తే అతని బాధ్యతలు ఎలా మారుతాయన్నది ఢిల్లీలో కూర్చున్న వారికి మాత్రమే తెలుసునని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి పోయే రోడ్డులో, వాగు దాటగానే ఎడమచేతి వైపు తగిలే గుండ్లవంక గ్రామస్థులమైన మాకు ఈ విషయంలో ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది. గ్రామ పంచాయతీ గుమాస్తాగా ఆ వివరాలన్నీ నేనే స్వహస్తాలతో రిజిస్టరులో ఎక్కించాను. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

మా గ్రామంలో కులభేదాలు లేవని మొదటే మనవి చేస్తున్నాను. ఊరికి తూర్పున, చర్చి ఉన్న వైపు ఇళ్లను మేము చర్చివీధి అంటాము. కులం పేరు పెట్టి పిలవడం మాకు గిట్టదు. రోడ్డు పక్కన పుల్లయ్య టీ హోటలు ఉంది. లోపల రెండు బల్లలు, ఒక గాజు అలమార, పన్నెండు గ్లాసులు. బయట చూరు కింద ఒక మేకు, దానికి ఒక గ్లాసు. లోపలి గ్లాసులు ఊరి వారివి. చూరు గ్లాసు చర్చివీధి వారిది. తాగినవారు కడిగి మళ్లీ మేకుకు తగిలిస్తారు. 'అంటరానితనం పాటించుట నేరము' అని ప్రభుత్వం వారు పంపిన రేకుబోర్డును కూడా పుల్లయ్య గౌరవంగా గోడకు కొట్టించాడు. దానితో వచ్చిన మేకుల్లో ఒకటి మిగిలితే దాన్నే గ్లాసుకు వాడుకున్నాడు. ప్రభుత్వ సొత్తును వృథా చేసే అలవాటు మాకు లేదు.

ఆ హోటలు ముందు రోజూ తెల్లారి ఊడ్చి కళ్లాపి చల్లేది చర్చివీధి సువార్తమ్మ. ఆమె కొడుకు యేసురత్నం 1964లో పటాలంలో చేరాడు. కొడుకు బండెక్కిన రోజున సువార్తమ్మ పుల్లయ్యతో ఒకే ఒక్క మాట అంది.

"పుల్లయ్యా, నా కొడుకు పెద్దోడై వచ్చినప్పుడు ఈ బల్లమింద కూకోని, అందరూ తాగే గ్లాసులో టీ తాగల్ల. నేను కండ్లారా చూడల్ల. అంతే నా ఆశ."

పుల్లయ్య మంచివాడు. కాదనలేదు. "పెద్దోడు కానీలే" అన్నాడు.

ఇక పైహోదాల సంగతి. 1971లో యేసురత్నం నాయక్ అయ్యాడు. సైన్యం వారు అతనికి పదిమంది జవాన్లను అప్పగించి, వాళ్ల ప్రాణాలకు నువ్వే జవాబుదారీ అన్నారు. సెలవు మీద వచ్చినప్పుడు గ్రామం కూడా ఊరుకోలేదు. చూరుకు రెండో మేకు కొట్టించి, అతనికంటూ కొత్త గాజుగ్లాసు ఏర్పాటు చేసింది. చర్చివీధి వారందరితో పాటు తాగవలసిన అవసరం అతనికి తప్పింది. ఆ గ్లాసు కడిగే బాధ్యత అతనిది.

1975లో హవల్దారయ్యాడు. సైన్యం రేషనూ తూటాలూ అతని చేతిలో పెట్టింది. గ్రామం స్టీలు గ్లాసు పెట్టింది. దాని మీద మూడు గీతలు కూడా చెక్కించాము. చొక్కా భుజం మీది గీతలూ గ్లాసు మీది గీతలూ సరిపోవడం చూసి ఊరంతా సంతోషించింది. కడిగే బాధ్యత యథాతథం. స్టీలు కాబట్టి బూడిదతో తోమాలి, అంతే తేడా.

1981లో నాయబ్ సుబేదారయ్యాడు. ముప్ఫై మంది మీద అధికారం. సైన్యంలో జవాన్లు అతన్ని 'సాబ్' అంటారని, అతను ఎదురైతే నిటారుగా నిలబడతారని తెలిసి గ్రామం ఉలిక్కిపడింది. ఇంత మనిషికి గ్లాసు ఏం మర్యాద? సర్పంచి నరసింహులు గారి అధ్యక్షతన సమావేశం జరిగింది. నంద్యాలకు మనిషిని పంపి, పూల బొమ్మలున్న పింగాణీ కప్పూ సాసరూ తెప్పించాము. మేకుకు తగిలించడానికి వీలులేదు గనక చూరు కింద గోడలో ఒక గూడు తొలిపించాము. గూటికి సున్నం కూడా కొట్టించాము. సర్పంచి గారు ఉపన్యసిస్తూ, "ఈ గ్రామంలో కప్పూ సాసరూ ఉన్న ఏకైక వ్యక్తి మన యేసురత్నమే. నాకే లేదు" అన్నారు. చప్పట్లు మోగాయి. ఇదివరకు ఒక్క గ్లాసు కడిగే మనిషి ఇప్పుడు కప్పూ కడగాలి, సాసరూ కడగాలి. హోదా పెరిగితే బాధ్యత పెరుగుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

ప్రతిసారీ సువార్తమ్మ చీపురు పట్టుకుని హోటలు ముందు నిలబడేది. ప్రతిసారీ కొడుకు గోడవారగా నిలబడి తాగి, కడిగి, పెట్టేసి వచ్చేవాడు.

"బల్ల మిందికి యాడ రానిచ్చిరి నాయనా?" అనేది.

"ఇంగొక ప్రమోషన్ రానీలేమ్మా" అనేవాడు అతను.

ఇక్కడ గ్రామానికి ఒక అవసరం వచ్చింది. సర్పంచి గారి రెండో కొడుకు ఓబుళేసుకు పదో తరగతి మూడుసార్లు తప్పడం వల్ల దేశభక్తి కలిగింది. 1984లో నంద్యాలలో సైన్యానికి మనుషులను ఎంపిక చేస్తున్నారు. సర్పంచి గారు స్వయంగా చర్చివీధి మొదలు దాకా నడిచి వెళ్లి, అక్కడే నిలబడి, సెలవు మీద వచ్చిన యేసురత్నాన్ని పిలిపించారు. "మా వానికి ఒక దోవ జూపీప్పా" అన్నారు. అప్పా అన్న మర్యాద మాట ఆ వైపు వెళ్లడం అదే మొదటిసారి. యేసురత్నం ఓబుళేసును నంద్యాలకు తీసుకుపోయాడు. పరుగెత్తించాడు. బస్కీలు తీయించాడు. దగ్గరుండి తన పటాలంలోనే చేర్పించాడు. శిక్షణ అయ్యాక ఓబుళేసు సరిగ్గా యేసురత్నం కిందికే వెళ్లాడు.

ఆరునెలలకు మంచుకొండల మీది నుంచి ఓబుళేసు ఉత్తరం వచ్చింది. సర్పంచి గారి ఇంట్లో అందరి ముందూ నేనే చదివాను. "నాయనా, ఈడ చలి ఎముకలు కొరుకుతాంది. ఎనిమిది మందికి ఒకటే మగ్గు. సాబ్ ముందు మాకందరికీ ఇచ్చి, చివరన తాను తాగుతాడు. నాకు జరమొస్తే తన కంబళి నాకు కప్పి రాత్రంతా కూకున్నాడు" అని ఉంది.

కంబళి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మగ్గు సంగతి మాత్రం గ్రామం నిదానంగా పరిశీలించింది. మనవాడు ముందు తాగాడు, యేసురత్నం తర్వాత తాగాడు. అంటే ఎంగిలి మనవైపు నుంచి అటు పోయిందే తప్ప అటునుంచి ఇటు రాలేదు. సర్పంచి గారు ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు నేను తర్వాతి వాక్యం చదవవలసి వచ్చింది. "మగ్గు రెండు చుట్లు తిరుగుతాది నాయనా."

చివరికి సర్పంచి గారే తేల్చారు. మగ్గు గవర్నమెంటుది, మంచు గవర్నమెంటుది, అంత ఎత్తున జరిగింది గుండ్లవంక లెక్కలోకి రాదు. ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం ఉన్న ముక్కను చించి పొయ్యిలో వేశారు.

1986 మే నెలలో యేసురత్నం సుబేదారయ్యాడు. నూరు మందికి పెద్ద. కెప్టెను కూడా అతన్ని అడక్కుండా అడుగు వేయడట. అతనూ ఓబుళేసూ కలిసి సెలవు మీద బయలుదేరారు. నంద్యాల బస్టాండులో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగారు. సాబ్ ట్రంకుపెట్టెను ఓబుళేసు నెత్తిన పెట్టుకుని బస్సెక్కించాడు. ఆళ్లగడ్డ దాకా ఒకే సీటులో వచ్చారు. ఆళ్లగడ్డలో మా ఊరివాళ్లు నలుగురు ఎక్కడంతో ఓబుళేసు లేచి ముందుసీటుకు మారాడు. గుండ్లవంకలో దిగేటప్పుడు ట్రంకుపెట్టె సుబేదారు గారి నెత్తినే ఉంది. ఇవన్నీ కండక్టరు చెప్పగా రాసుకున్నాను.

హోటలు ముందు ఊరంతా ఉంది. ఓబుళేసు లోపలికి పోయి బల్ల మీద కూర్చున్నాడు. పుల్లయ్య అతనికి అలమారలో గ్లాసు తీసి టీ ఇచ్చాడు. తర్వాత గూట్లోంచి కప్పూ సాసరూ పటకారుతో తీసి బయటి గట్టు మీద పెట్టి, పైనుంచి టీ పోశాడు. కొత్త హోదాకు గుర్తుగా ఈసారి పంచదార ఒక చెంచా ఎక్కువ. సువార్తమ్మ ఎప్పటిలాగే చీపురుతో నిలబడి ఉంది. ఆ పూట ఆమె జాకెట్టు తొడుక్కుని, కొత్తచీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది.

యేసురత్నం కప్పు వైపు చూశాడు. లోపలి బల్ల వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. తర్వాత టీ తాగి, కప్పును సాసరులో పెట్టాడు. అందరం అతను నీళ్లతొట్టి దగ్గరికి పోతాడని ఎదురుచూస్తున్నాము. అతను కదలలేదు. పరేడు మైదానంలో పిలిచే గొంతుతో పిలిచాడు.

"సిపాయి ఓబుళేసు!"

బల్ల మీది మనిషి ఎగిరి లేచాడు. గ్లాసు పడిపోయింది. మడమలు టక్కున కలిశాయి. "జీ సాబ్!"

"కప్పు కడుగు."

ఓబుళేసు బయటికి వచ్చి కప్పూ సాసరూ రెండూ తీసుకుని, తొట్టి దగ్గర కూర్చుని, బూడిదతో తోమి, మూడుసార్లు నీళ్లు పోసి కడిగి, గూట్లో బోర్లించి, తిరిగొచ్చి నిటారుగా నిలబడ్డాడు. అంతా అయ్యాక గానీ తండ్రి ముఖం చూడలేదు.

"ఏం పని చేస్తాండావ్‌రా నువ్వు?" అన్నారు సర్పంచి గారు.

"ఆడ వంతులేసుకోని కడుగుతాం నాయనా. నా వారమొస్తే అందరివీ నేనే" అన్నాడు ఓబుళేసు. దాచిపెట్టాలన్న తెలివి ఆ పిల్లవాడికి ఆ క్షణంలో తోచలేదు.

సర్పంచి గారు యేసురత్నం వైపు తిరిగారు. "మా వాని చేత నీ ఎంగిలి కడిగించినావు. పెద్దోనివయినావప్పా."

"నేను కడిగించింది నా సిపాయి చేత సామీ. మీ లెక్కలో మీ కొడుకు బల్లమిందనే కూకోనుండాడు కదా" అన్నాడు యేసురత్నం.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. మనుషులు అనుకున్నట్టు కొట్లాట ఏమీ జరగలేదు. మావాళ్లు నాగరికులు. మైల పోవడానికి ఓబుళేసుకు తలంటు పోయించారు. పడిపోయిన గ్లాసును అలమార నుంచి తొలగించారు. ఇక యేసురత్నం విషయంలో ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: 'శ్రీ యేసురత్నం గారు సుబేదారు హోదా పొందిన దరిమిలా, వారి స్థాయి వ్యక్తి రోడ్డు పక్క హోటలుకు రావడం గ్రామానికే నామోషీ గనక, ఇకమీదట వారు శ్రమపడి హోటలుకు రానవసరం లేదు. టీ వారి ఇంటికే పంపబడును. ఇందుకు ప్రత్యేకముగా ఒక ఫ్లాస్కు కేటాయించడమైనది.'

మరునాడు పొద్దున ఫ్లాస్కు నేనే తీసుకుపోయి చర్చివీధి మొదట్లో రాయి మీద పెట్టాను. సువార్తమ్మ వచ్చి చూసింది. ఎత్తుకోలేదు.

"నేనడిగింది టీ కాదప్పా, బల్ల" అంది. చీపురు తీసుకుని వీధిలోపలికి పోయింది. ఆ రోజు నుంచి హోటలు ముందు ఊడవడానికి రావడం మానేసింది. పుల్లయ్య ఇంకొకరిని కుదుర్చుకున్నాడు.

ఫ్లాస్కు చల్లారిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు ఆమె ముఖం చూడటం కష్టమైంది. ఆ సంగతి రిజిస్టరులో రాయడానికి గడి లేదు.

ఈ నివేదికను నంద్యాలలో నాకు తెలిసిన ఒక పెద్దమనిషికి చదివి వినిపించాను. ఉద్యోగస్తుడు, సభల్లో మాట్లాడే మనిషి. పగలబడి నవ్వాడు. "పల్లెటూళ్లు ఎప్పటికి మారతాయయ్యా!" అని విచారించాడు కూడా. తర్వాత లోపలికి కేకేసి నాకు కాఫీ తెప్పించాడు. వాళ్లింట్లో అంట్లు తోమే మనిషికీ అదే వేళకు కాఫీ ఇచ్చారు. ఆమె వెనకవైపు కిటికీ దగ్గర నిలబడి తాగి, గ్లాసు కడిగి, కిటికీ మూల బోర్లించి వెళ్లింది. అది ఆ ఇంటి మిగతా గ్లాసుల్లాంటిది కాదు. దాని మీద గీతలు కూడా లేవు.

ఆ గ్లాసు అక్కడెందుకుందని నేను అడగలేదు. మీ ఇంట్లోది ఎక్కడుందో కూడా అడగను.