గొడుగు తనంతట తానే తెరుచుకోవాలా?

ఈ సృష్టిలో ఉన్నదంతా వస్తువే. ప్రతి వస్తువుకూ ఒక బాధ్యత ఉంటుంది. ఏ వస్తువైనా తన పని తాను చేసుకోవాలే తప్ప పక్క వస్తువు కడుపులో ఏముందో అడగకూడదు. ప్యోల్‌చన్ నగర కార్యాలయం ఆ ఏడాది వసంతంలో ఈ సత్యాన్ని సర్క్యులర్ రూపంలో ప్రకటించింది. (నియమం అంతకుముందూ అమల్లోనే ఉంది. కాకపోతే ఉద్యోగులకు మాత్రమే.)

ఇకమీదట నగరానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్లు కాకుండా, దాన్ని రోజూ వాడే ఉద్యోగులే రూపొందించాలన్నది సర్క్యులర్ సారాంశం. అందుకు వారు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్, అంటే ప్రతిదాన్నీ ఒక వస్తువుగా చూసి ప్రోగ్రాం గీసే విద్య, నేర్చుకోవాలి. అదీ పాతకాలపు నింపాదితనంతో కాదు, అజైల్ అనబడే చురుకు విధానంలో. ఎంత చురుగ్గా ఉండాలో తేల్చడానికి వేసిన ఉపసంఘానికి అప్పటికే రెండు చలికాలాలు గడిచిపోయాయి.

మేంగ్ సుక్‌హీ కింది అంతస్తులోని పౌర సేవల కౌంటర్లో పనిచేసేది. వాన రోజున జనానికి గొడుగులు అరువివ్వడం ఆమె పనుల్లో ఒకటి. మనిషి వస్తాడు, ఆమె గొడుగు ఇస్తుంది, మనిషి వెళ్తాడు. పద్ధతి అంతే. చాలామంది తిరిగి తెచ్చేవారు. తేనివాళ్లు ఎక్కడో ఒకచోట తడవకుండా ఉన్నారు కాబట్టి ఆ గొడుగు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు లెక్క అని ఆమె అభిప్రాయం.

ఆ ఏడో గ్రేడు కుర్చీలో ఆమె చాలాకాలంగా కూర్చుని ఉంది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఆరో గ్రేడుకెక్కి ఇప్పుడు ఆమెకు సెలవులు మంజూరు చేస్తున్నారు. కొత్త శిక్షణలో నెగ్గినవారికి పదోన్నతిలో ప్రాధాన్యం ఉంటుందని సర్క్యులర్ చివర చిన్న అక్షరాల్లో ఉంది. సుక్‌హీ ఆ చిన్న అక్షరాలే ముందు చదివి, పేరిచ్చేసింది. అభ్యాసానికి ఏ పని ఎంచుకుందామని పైవాళ్లు ఆలోచించి, ఎవరికీ అభ్యంతరం లేనిది గొడుగులేనని తేల్చారు. గొడుగులు అరువిచ్చే సాఫ్ట్‌వేర్‌ను తరగతే తయారుచేస్తుంది.

శిక్షకురాలు సోన్ దాయున్‌కు ముప్పై నిండి ఉండవు. ఏ ప్రశ్నకూ కాదనే జవాబు చెప్పేది కాదు, అవుననీ చెప్పేది కాదు, "ఆసక్తికరం" అనేది. మొదటిరోజు ఆమె అందరినీ సమానం చేసింది. ప్రతివారూ ఒక విదేశీ పేరు పెట్టుకోవాలి. గారు ఉండకూడదు, హోదా ఉండకూడదు, ఒకరినొకరు నువ్వనే అనాలి. సుక్‌హీ మెలనీ అయింది. విభాగాధిపతి గుక్ బ్యోంగ్‌ము పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి, నిండైన విగ్రహం. ఆయన లియో అయ్యారు.

"మంచి ఆలోచన," అన్నారాయన. "నన్ను నువ్వనొచ్చు. ఎవరైనా మొదలుపెట్టండి."

ఎవరూ మొదలుపెట్టలేదు. చివరికి పార్కింగ్ విభాగపు బాంగ్ లేచి నడుం వంచాడు.

"లియో చీఫ్ గారూ, నువ్వు కాఫీ తీసుకుంటారాండీ?"

సమానత్వం ఆ మేరకు సాధించి తరగతి ముందుకు సాగింది.

పొద్దున్నే నిలబడి మాట్లాడుకోవడం అజైల్‌లో ముఖ్యమైన ఆచారం. నిలబడితే కాళ్లు లాగుతాయి, కాళ్లు లాగితే మాటలు తగ్గుతాయి అన్నది అందులోని శాస్త్రం. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీ పనికి అడ్డంకి ఏమిటి అని మూడే ప్రశ్నలు. అయితే చీఫ్ గారికి మోకాలినొప్పి. ఆయన కోసం కుర్చీ వేశారు. ఆయన కూర్చున్నాక మిగతావాళ్లు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. ఈ విప్లవాత్మక పద్ధతి తమకు ఇంత త్వరగా అలవాటవుతుందని ఎవరూ అనుకోలేదు. మూడో ప్రశ్నకు మాత్రం రోజూ అందరూ "ఏమీ లేదు" అనే చెప్పేవారు. అడ్డంకి పేరు చెప్పాలంటే దాని మొహంలోకి చూసి చెప్పాలి కదా.

అసలు చదువు గొడుగుతో మొదలైంది. ముందుగా గొడుగుల జాతికంతటికీ ఒక మూసను గీయాలి. దాన్ని క్లాసు అంటారు. (క్లాసులో కూర్చుని క్లాసు గీయడమేమిటని బాంగ్ అడిగితే సోన్ ఆసక్తికరమంది.) ఆ తరువాత ఏ పని ఏ వస్తువుదో తేల్చాలి. గొడుగును మనిషి తెరవాలా, గొడుగు తనంతట తానే తెరుచుకోవాలా అన్న చర్చ వారమంతా నడిచింది. చివరికి చీఫ్ గుక్ కుర్చీలోంచి అడిగారు.

"తెరిచేటప్పుడు పౌరుడి వేలు నలిగిందనుకోండి. జవాబుదారు ఎవరు?"

"గొడుగేనండి," అంది సోన్. "తెరుచుకోవడం దాని బాధ్యత."

"అయితే రాసేయండి," అన్నారాయన, చాలా ఏళ్ల తరువాత హాయిగా వెనక్కి వాలి. నగర చరిత్రలో ఫిర్యాదులన్నీ నెత్తినేసుకుని, బదిలీ అడగని ఉద్యోగి దొరకడం అదే మొదలు. సాయంత్రానికల్లా తుప్పు, ఆలస్యం, గాలివాన, పౌరుల అసంతృప్తి అన్నీ గొడుగు బాధ్యతల్లోకి చేరాయి.

మూల గొడుగుకు పిల్ల గొడుగులు పుట్టాయి. పొడుగుది, మడతపెట్టేది, పిల్లలది. చిరిగిన గొడుగు దగ్గర పేచీ వచ్చింది. తండ్రి నిలబడగలిగిన ప్రతిచోటా పిల్ల నిలబడగలగాలన్నది ఆబ్జెక్టుల ధర్మం. చిరిగినది వానలో నిలవదు. కాబట్టి అది గొడుగు కాదు, గొడుగు రూపంలో ఉన్న ఇతర వస్తువు అని తీర్మానించారు. మూల గొడుగు మాత్రం అమూర్తమనీ, భావనగానే ఉంటుందనీ, చేత్తో పట్టుకోలేమనీ సోన్ వివరించింది. చీఫ్ గుక్ అంతా విని, అన్నిటికీ మూలమైనదాన్ని ముందే సమకూర్చుకోవాలని కొనుగోళ్ల శాఖకు రాయించారు. టెండరు పిలిచారు. ఒకే ఒక సంస్థ వచ్చింది. గడువుకన్నా ముందే, నిర్దేశించిన ప్రమాణాలకు సరిగ్గా సరిపోయేలా, ఏమీ సరఫరా చేయకుండా రసీదు తీసుకుని వెళ్లింది. తనిఖీలో లోపమేమీ కనబడలేదు.

వీటన్నిటిలోనూ సుక్‌హీ అందరికన్నా బాగా రాణించింది. నవ్వులాటగా మొదలుపెట్టింది కానీ, నిజంగానే ఆ చదువు ఆమెకు నచ్చింది. చిక్కుముడిలా ఉన్న లోకం గళ్లుగా విడిపోయి, ఒక్కో గడికి ఒక్కో పని పడుతుంటే చూడముచ్చటగా ఉండేది. బస్సులో పట్టుకునే కమ్మీకీ, ఇంట్లో కిమ్చీ ఊరగాయ జాడీకీ బాధ్యతలు రాసుకుంది. ఒక వస్తువు ఒకే పని చేయాలనీ, నువ్వు ఆ సూత్రం పాటించడం లేదనీ భర్తకు చెప్పింది.

"ఒక్క పనీ చేయనని నిన్నటిదాకా అన్నావు," అన్నాడతను. "ఇవాళ ఒకటికన్నా ఎక్కువ చేస్తున్నానంటావు. ఏదో ఒక మాట మీద ఉండు."

ఇక వినియోగదారుడి ప్రతినిధి ఒకరు కావలసివచ్చారు. కింద హాల్లో రోజూ పేపరు చదువుకునే ప్యో మన్‌సోక్‌ను పట్టుకొచ్చారు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. భార్య తుంటి విరిగి ఎదురు రోడ్డులోని ఆసుపత్రిలో ఉంది. ఆసుపత్రి తిండి ఆవిడకు సయించదు. మధ్యాహ్నమయ్యేసరికి ఇంటి దగ్గర గుమ్మడికాయ జావ కాచి, డబ్బాలో పోసుకుని, ఆసుపత్రిలోకి వదిలే వేళయ్యేదాకా ఈ హాల్లో ఆగి వెళ్తుంటాడు. ఆయనకు సొంత గొడుగు లేదు. వాన ఉంటే సుక్‌హీ అడగకుండానే గొడుగు అందించేది.

వినియోగదారుడు తన అవసరాన్ని ఒక చిన్న కథగా చెప్పాలని సోన్ ఆయనకు బిస్కెట్లు పెట్టి వివరించింది. ఎవరిగా, ఏం కావాలి, ఎందుకు.

"ముసలాణ్ణి. గొడుగు. వాన," అన్నాడు ప్యో.

"ఎందుకన్న చోట విలువ కనబడాలి తాతగారూ."

"జావ చల్లారిపోద్దమ్మా. చల్లారితే మా ఆవిడ ముట్టుకోదు. ఆవిడ తినకపోతే ఆ డాక్టరు నన్ను కడిగేస్తాడు. ఇంకేం విలువ కావాలి?"

ఆసక్తికరమని పసుపు కాగితం మీద రాసుకున్నారు. అయితే జావ వేడి ఆరోగ్య శాఖ పరిధిలోకి వస్తుంది కనక ఆ కాగితాన్ని గోడకు అట్టడుగున అంటించారు.

ఇంతలో వానాకాలం దిగింది. రోజుల తరబడి వదలని ముసురు. అసలు గొడుగులన్నిటినీ ఎలక్ట్రానిక్ తాళం ఉన్న గదిలోకి మార్చారు. సాఫ్ట్‌వేర్ ఆజ్ఞ ఇస్తేనే ఆ తాళం తెరుచుకుంటుంది. చేత్తో తీయాలంటే చీఫ్ గారి సంతకం కావాలి. సాఫ్ట్‌వేర్ తయారయ్యేదాకా పౌరులు సహకరించాలని సుక్‌హీయే కౌంటరు మీద నోటీసు అంటించింది.

ప్యో కళ్లజోడు సర్దుకుని చదివాడు. "సహకరించడమంటే తడవడమేనా అమ్మాయ్?"

"ఈ స్ప్రింట్ ఒక్కటే తాతగారూ, అంటే ఈ విడత పని. వచ్చేదాంట్లో మీ కథ ఉంది."

"నా కథదేముందిలే, అయిపోవచ్చింది," అంటూ ఆయన డబ్బాను చొక్కా లోపల దోపుకుని వానలోకి దిగాడు. జీబ్రా గీతల దగ్గర ఎర్రలైటు పడింది. ఆకుపచ్చదయ్యేదాకా పొట్టను రెండు చేతులా పొదివి పట్టుకుని నిలబడ్డాడు. సుక్‌హీ అద్దంలోంచి చూసింది. మధ్యాహ్నమంతా ఆమె గీసిన గళ్లలో ఒక్కటీ తిన్నగా రాలేదు. గది తెరవడానికి అనుమతి కోరుతూ ఆ సాయంత్రమే చీఫ్ గారికి అర్జీ పెట్టింది. చూస్తానన్నారాయన.

తయారైన సాఫ్ట్‌వేర్‌ను చూపించే ప్రదర్శన రోజున ఉపమేయరు స్వయంగా వచ్చాడు. బయట కుండపోత. తెర మీద ఒక గొడుగు బొమ్మ మెల్లగా కదిలి, 'పౌరుడు: ప్యో మన్‌సోక్' అన్న గడిలోకి చేరి, తనంతట తానే తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్యో కూడా కొట్టబోయి, చంకలో జావ డబ్బా ఉందని గుర్తొచ్చి మానుకున్నాడు.

"ఏదీ మరి?" అన్నాడు.

"తీసుకున్నారు కదండీ," అన్నారు చీఫ్ గుక్, తెర చూపిస్తూ.

సుక్‌హీ గది తాళం తెరుచుకోకపోవడంతో తన ఫోనులో మళ్లీ ఆజ్ఞ ఇచ్చింది. ఈ పౌరుడి చేతిలో ఇప్పటికే ఒక గొడుగు ఉంది, అది తిరిగిచ్చాకే ఇంకొకటి అని జవాబొచ్చింది. ఒకే పౌరుడి దగ్గర రెండు గొడుగులు ఉండకూడదు కాబట్టి ఇది రూపకల్పనలోని పటిష్ఠతేనని సోన్ మెచ్చుకుంది. ఉపమేయరు ముచ్చటపడి, మీరు నిలబడి మాట్లాడుకుంటారట కదా, అది కూడా చూపించమన్నాడు. కుర్చీ వేశారు. అందరూ నిలబడ్డారు. బాంగ్‌కు అడ్డంకులేవీ లేవు. అతని పక్కవాళ్లకూ లేవు.

సుక్‌హీ వంతు వచ్చింది. పదోన్నతుల జాబితా ఆ వారమే చీఫ్ గారి బల్ల మీదికి వెళ్తుందని ఆమెకు తెలుసు. గది చివర ప్యో డబ్బా మూతను అరచేత్తో తడిమి చూసుకుంటున్నాడు.

"నిన్న గొడుగు గీశాను. ఇవాళ గొడుగు చూపించాను," అందామె.

"అడ్డంకి?" అంది సోన్.

"నువ్వే, లియో."

సుక్‌హీ గొంతు పెంచలేదు. "తాళం తీయడానికి నీ సంతకం అడిగాను. చూస్తానన్నావు. ఇప్పుడు చూడు. అదుగో, ఆయన జావ చల్లారిపోతోంది."

ఆ తరగతిలో గారు గానీ అండి గానీ దొర్లకుండా పూర్తయిన తొలి సంభాషణ అదే. చీఫ్ గుక్ మొహం ఎర్రబడి, తెల్లబడి, చివరికి ఉపమేయరు వైపు చూసి చిరునవ్వుగా స్థిరపడింది. "చాలా విలువైన అభిప్రాయం, మెలనీ," అన్నారు. ఉపమేయరు చప్పట్లు కొట్టాడు. కిందివాళ్లు ఇంత నిర్భయంగా మాట్లాడే కార్యాలయాన్ని తానెక్కడా చూడలేదన్నాడు. సోన్ నీలం కాగితం మీద 'అడ్డంకి: లియో' అని రాసి గోడకు అంటించింది. సంతకం సంగతి వచ్చే స్ప్రింట్‌లో చర్చించాలని ఏకగ్రీవంగా అనుకున్నారు.

అప్పటికి సుక్‌హీ ఆ గదిలో లేదు. ప్యోను కిందికి తీసుకెళ్లి, తన బల్ల కింద ఉన్న సొంత గొడుగు ఆయన చేతిలో పెట్టింది. ఊదారంగు మీద తెల్లపూలది.

"ఆడాళ్ల గొడుగమ్మా ఇది."

"వానకేం తెలుస్తుంది తాతగారూ. వెళ్లండి, లైటు మారుతోంది."

ఆ సాయంత్రం ఆమె బస్టాపు దాకా తడుస్తూ నడిచింది. భయపడుతూనే నడిచింది. మధ్యమధ్యలో మాత్రం నవ్వొచ్చింది.

మర్నాడు ప్యో ఆమె గొడుగుతోపాటు చంకనిండా ఇంకొన్ని పట్టుకొచ్చాడు. బస్సుల్లో జనం మరిచిపోయినవి డిపోలో గుట్టలుగా పడి ఉంటే పాత స్నేహితులనడిగి తెచ్చాడట. సుక్‌హీ వాటిని ఒక ప్లాస్టిక్ బకెట్లో వేసి గుమ్మం పక్కన పెట్టింది. కావలసినవాళ్లు తీసుకెళ్లారు. కొందరు తెచ్చి పెట్టారు, కొందరు తమ ఇంట్లోవి కూడా తెచ్చి పడేశారు. అందులో చిరిగినవీ ఉన్నాయి. చిన్న తుంపరకు అవి చాలునని జనం వాటిని కూడా వదల్లేదు. ఆ బకెట్ ఏ క్లాసులోకి వస్తుందో తేలేవరకు దాన్ని కదిలించరాదని సదుపాయాల శాఖ ఉత్తర్వు ఇచ్చింది.

శిక్షణలో సుక్‌హీకి ప్రథమ స్థానం వచ్చింది. అడ్డంకిని గుర్తించినవారిని గౌరవించాలి, అడ్డంకిని తొలగించాలి అన్నది పద్ధతి. ఆ ప్రకారం చీఫ్ గుక్‌ను తొలగించి, రాష్ట్ర కార్యాలయంలో పెద్ద పదవికి పంపారు. విమర్శను స్వీకరించే నాయకత్వం గురించి ఆయన అక్కడ ఉపన్యాసాలిస్తున్నారు. ఆయన కుర్చీ ఖాళీ కావడంతో పదోన్నతుల మీద సంతకం పెట్టే మనిషి లేకపోయాడు. అందువల్ల సుక్‌హీకి ప్రస్తుతానికి ఆరో గ్రేడు బాధ్యతలను, ఏడో గ్రేడు జీతంతో అప్పగించారు. ప్యో భార్య శరదృతువులో కర్రపట్టుకుని నడుస్తూ ఇంటికెళ్లింది. వెళ్లేముందు హాల్లోకి వచ్చి, మా ఆయన జావలో ఎప్పుడూ ఉప్పు ఎక్కువేనని సుక్‌హీతో చెప్పుకుంది.

ఏడాది చివర గొడుగుల సాఫ్ట్‌వేర్‌కు నగర ఉత్తమ సేవా పురస్కారం వచ్చింది. ప్రశంసాపత్రం ప్రకారం, కొత్త విధానం మొదలైన నాటి నుంచి గదిలోని గొడుగుల్లో ఒక్కటీ పోలేదు, ఒక్కటీ విరగలేదు, ఒక్కటీ తడవలేదు.