గుడ్ల మీద సుందర్‌రాజు

గల్ఫ్‌లో వారాంతపు సెలవైన ఆ శుక్రవారం పొద్దున సుందర్‌రాజు పెట్టుకున్న పని ఒక్కటే. ఫెలోషిప్ ప్రార్థనకు బయలుదేరేలోపు కూతురు స్టెల్లాకు పీడనం పాఠం బుర్రకెక్కించాలి. ఆదివారం బడి తెరవగానే ఆ పిల్లకు ఏడో తరగతి సైన్సు పరీక్ష. భార్య జీవమ్మ తలస్నానానికి వెళ్లింది. ఫెలోషిప్‌లో పులుసు వండటానికి ఇస్తానన్న కోడిగుడ్లు, రెండు అట్ట ట్రేలలో హాల్లోనే ఉన్నాయి.

"ఫోర్స్ అంతే ఉన్నా, ఏరియా పెరిగితే ప్రెషర్ తగ్గుద్దమ్మా."

"అదెలా డాడీ? బరువు బరువే కదా?"

చెప్తే అర్థమయ్యేలా లేదు. సుందర్‌రాజు చూపు గుడ్ల మీద పడింది. ట్రేలు పక్కపక్కన పెట్టి, అటూ ఇటూ రెండు కుర్చీలు వేసుకుని, వాటి మీద చేతులు ఆనించి ఒట్టి పాదాలు గుడ్ల మీద మోపాడు. తొంభై కిలోల మనిషి. మెల్లమెల్లగా బరువంతా కాళ్ల మీదికి వదిలాడు. ఒక్క గుడ్డూ చిట్లలేదు.

"చూశావా? నా బరువుని ఇన్ని గుడ్లూ పంచుకున్నాయి!"

స్టెల్లా కళ్లు పెద్దవయ్యాయి. ఫోన్‌తో వీడియో తీద్దామని, అందులో అడ్డు రాకుండా కుర్చీలు రెండూ గోడ దగ్గరికి లాగేసింది. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. సుందర్‌రాజు దిగబోయి కుడి మడమ ఎత్తాడు.

"డాడీ, ఆగు! ఒక కాలెత్తితే ఏరియా సగమైపోద్ది. ప్రెషర్ డబుల్!"

పాఠం ఇంత బాగా ఎక్కుతుందని సుందర్‌రాజు అనుకోలేదు. నోరు తెరుచుకుని అలాగే కొయ్యబారిపోయాడు. "కుర్చీ" అనేలోపే స్టెల్లా పరుగెత్తి తలుపు తీసేసింది.

వచ్చింది అమ్మిరాజు. ఫెలోషిప్ పెద్ద. గుడ్లు పట్టుకెళ్దామని తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కాతో వచ్చి, తనకు కావలసిన గుడ్ల మీద మనిషి నిలబడి ఉండటం చూసి గుమ్మంలోనే నిర్ఘాంతపోయారు.

"వందనాలండి," అన్నాడు సుందర్‌రాజు కదలకుండా. "కాలు తీయలేకపోతున్నానండీ. కుర్చీ... కుర్చీ..."

"నాకెందుకండీ మర్యాదలు!" అంటూనే అమ్మిరాజు స్టెల్లా తెస్తున్న కుర్చీ అందుకుని కూలబడ్డారు. తనను తీసుకొచ్చి కింద కారులో కాచుకుని ఉన్న ఫెలోషిప్ కుర్రాడు షాలేమ్‌కి ఫోన్ చేశారు. "ఆలస్యమవుద్ది బాబూ. సుందర్‌రాజు గారి కాలు ఎలా తీయాలో చూస్తన్నాం."

షాలేమ్ భయపడిపోయి, ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. 'సుందర్‌రాజు అన్నకి కాలు తీసేస్తున్నారు. అందరూ ప్రార్థించండి.'

స్టెల్లా రెండో కుర్చీ కోసం గోడ దగ్గరికి వెళ్లేసరికి బల్ల మీద జీవమ్మ ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కింది. ఊరికి అటు చివర గలాలీలో ఉండే ఫెలోషిప్ రూతమ్మ, గ్రూపులో చూసి ఏడుస్తోంది.

"స్టెల్లా, మీ అమ్మ తట్టుకుందా తల్లీ? ఎక్కడిదాకా తీసేస్తున్నారంట? మోకాలి కిందేనా?"

సరిగ్గా అప్పుడే తలకు తువ్వాలు చుట్టుకుని జీవమ్మ బాత్రూంలోంచి బయటికి వచ్చింది. "దేవా! ఎవరికి? ఎవరి కాలు?" అని ఆమె పెట్టిన కేకకు సుందర్‌రాజు ఊగిపోయాడు. పడిపోతున్నాడని అమ్మిరాజు ఒక్క ఉరుకున వెళ్లి అతని నడుం పట్టుకుని, అమాంతం పైకెత్తి, అరచుట్టు తిప్పి నేల మీద దించారు. ఆ విసురును తాను ఆపుకోలేక వెనక్కి తూలి, ఒక ట్రేలో చతికిలబడ్డారు.

ఫటఫటమని పెంకులు పగిలాయి.

అందరి చూపులూ ఆ తెల్ల ప్యాంటు మీదే. పసుపు మరక పాకడం కోసం ముగ్గురూ గుడ్లప్పగించి చూస్తున్నారు. ఎంతకీ పాకలేదు.

"ఏంటండీ ఆ చూపులు?" అంది జీవమ్మ. "తెల్లారకముందే ఉడకబెట్టి ఆరబెట్టాను. అక్కడికి పచ్చివి పంపితే ఎవరు ఉడకబెడతారని?"

సుందర్‌రాజు వంగి ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు. "ఉడికినవా?"

"అయితే డాడీ, ఇది లెక్కలోకి రాదు," అంది స్టెల్లా. "పచ్చివాటి మీద మళ్లీ ఎక్కాలి."

స్పీకర్లో రూతమ్మ ఇంకా ప్రార్థిస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఫెలోషిప్‌లో సుందర్‌రాజు రెండు కాళ్లూ చూసుకుని అందరూ దేవుణ్ని స్తుతించి, కూర్చుని పులుసన్నం తిన్నారు. అమ్మిరాజు గారు మాత్రం నిలబడే తిన్నారు.