రెక్కల బండిపై హత్యాయత్నం

“రంజిత్, యాదిల వెట్టుకో. పోలీసోళ్ల నుంచి తప్పించుకోవచ్చు. కోర్టు నుంచి తప్పించుకోవచ్చు. గని గీ వెంకటి నుంచి?”

అని ఆగాడు వెంకటి. నేను జవాబు చెప్పాలన్నమాట. నేను వ్యాను నడుపుతున్నాను. ఎదురుగా పత్తి లారీ మీదికొస్తోంది.

“తప్పించుకోలేరు,” అన్నాను, లారీని తప్పిస్తూ.

“గదీ! వెంకటి వెంటవడ్డడంటే కటకటాలే!”

సిరిసిల్లలో వెంకటి వాళ్లకు మరమగ్గాలున్నాయి. వాళ్ల బాపు నేయిస్తాడు, వెంకటి ఊరూరా తిరిగి బట్ట అమ్ముతాడు, నేను వ్యాను తోలుతాను. అమ్మకం లేనప్పుడు వాడు డిటెక్టివ్. అంటే దాదాపు ఎప్పుడూ. పోయినేడు పక్కింటాయన చెప్పులు పోతే రెండు వీధులు గాలించి, పాదముద్రలు కొలిచి, చివరికి దొంగను పట్టుకోలేకపోయాడు. ఎందుకంటే ఆ చెప్పులు వాడి కాళ్లకే ఉన్నాయి.

ఆ రోజు మేం ఆదిలాబాద్ వెళ్తున్నది మాత్రం వ్యాపారం మీదే. యేసుదాసు గారని ఒకాయన తన విమానానికి కప్పే తొడుగు కుట్టించమన్నాడు. అది వ్యానులో ఉంది. ఆయన నస్పూర్ బొగ్గుగనుల్లో ముప్పై ఏళ్లు ఇంజిన్లు చూసి రిటైరైన మనిషి. జీవితమంతా భూమి కింద గడిపాను, ఇక భూమి పైన తిరుగుతానని, అనుమతులన్నీ తెచ్చుకుని ఒక చిన్న విమానం కొన్నాడు. ఊరి చివర మూతబడ్డ జిన్నింగు మిల్లులో దాన్ని పెట్టుకున్నాడు. మిల్లు వెనక పొడవైన చదును నేల ఉంది. అదే రన్‌వే.

మేం వెళ్లేసరికి పొద్దు ఇంకా చురుక్కుమనలేదు. విమానం బయటే ఉంది. మూడు చక్రాలు, ముందూ వెనకా రెండు సీట్లు, వెనక ఇంజిను, దానికి ఫ్యాను, పైన పెద్ద గుడ్డ రెక్క. గాలిపటానికీ మోటారు సైకిలుకూ పెళ్లయి పుట్టిన బిడ్డలా ఉంది. దాని పక్కన యేసుదాసు గారు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన భార్య రిబ్కమ్మ మంకీ క్యాపు, దాని మీద హెల్మెట్, స్వెటరు మీద స్వెటరు వేసుకుని కుర్చీలో నిండుగా ఉంది.

“ఏమైంది సార్?” అన్నాను.

“ఏం జెప్పాలె బాబూ. స్టార్టయితది. మంచిగ నడుస్తది. జరసేపటికి గొంతు పిసికినట్టు ఆగిపోతది. పొద్దటి సంది గిదే కత.”

గొంతు పిసికినట్టు అన్న మాట వినగానే వెంకటి కళ్లు మెరిశాయి. నేను కళ్లు మూసుకున్నాను.

“హత్యాయత్నం,” అన్నాడు వెంకటి.

“ఎవల్ది?” అంది రిబ్కమ్మ భయంగా.

“ఇంజిన్‌ది. విమానం ఉన్నకాడ అనుమానం ఉంటదమ్మా. ఎవ్వలు కదలద్దు!”

ఎవరూ కదలడం లేదు. స్వెటర్ల వల్ల రిబ్కమ్మ కదలలేదు కూడా.

విషయం యేసుదాసు గారు నాతో మెల్లగా చెప్పాడు. కంటిచూపు తగ్గిందని, ఇకమీదట నడపడానికి సంతకం పెట్టనని డాక్టరు అనేశాడు. కాగితాల ప్రకారం నడపడానికి ఈ రోజే ఆఖరు. సాయంత్రం నాగపూర్ నుంచి ఫ్లయింగ్ క్లబ్బు వాళ్లు లారీ తెచ్చి, మేం తెచ్చిన తొడుగు కప్పి విమానాన్ని తీసుకుపోతారు. ఇన్నేళ్లూ ఎంత బతిమాలినా రిబ్కమ్మ ఎక్కలేదు. నిన్న రాత్రి అన్నం వడ్డిస్తూ, తనే “రేపు నేనొస్త తియ్” అంది.

“ఇయ్యాల ఎగరకపోతే మల్ల ఎన్నడు లేదు,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన స్పానరును అనవసరంగా తుడుస్తున్నాడు.

వెంకటి విచారణ మొదలుపెట్టాడు.

“సార్, మీకు ఎవరి మీద అనుమానం?”

“నాకైతే కార్బొరేటర్ మీద్నే ఉండె.”

వెంకటి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఏ వార్డు?”

“వార్డేంది?”

“కార్పొరేటర్ ఏ వార్డోడు సార్? భయపడకుండ్రి. పెద్దోళ్ల పేర్లు నా గుండెల్నే దాస్కుంట.”

“కార్బొరేటరయ్యా! ఇంజిన్ల పెట్రోలు, గాలి కలిపేది! ఇప్పి కడిగిన. మంచిగనే ఉన్నది. ప్లగ్గులు మార్చిన. చోకు గుంజి చూసిన.”

“ఏ చౌకుల గుంజిండ్రు? చౌరస్తలనా?”

యేసుదాసు గారు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

అప్పుడే మిల్లు కాపలామనిషి సక్కుబాయి గంపతో వచ్చింది. మిల్లు ముంగిట్లో మిరపకాయలు ఎండబోసుకుని దంచుకుంటుంది. వెంకటి ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“అక్కా, గీ విమానం మీద నీకు పగ ఉన్నదా?”

“ఉండదా మరి? గది మొదలువెట్టిందంటే గాలికి నా మిర్చి మొత్తం ఆదిలాబాద్ పంచుతది!”

“నేరం ఒప్పుకున్నది! రంజిత్, విన్నవా?”

“అగ బాయీ! ఏం ఒప్పుకున్న? యేసుదాసు దాదా రోజు నా మిర్చిలు తనే ఏరి ఇస్తడు. పాపం ఆయన విమానం నేనెందుకు ఖరాబు జేస్త?”

వెంకటి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని రెండు అడుగులు వేసి, గిర్రున తిరిగాడు. సక్కుబాయిని వదిలి వేలు రిబ్కమ్మ వైపు చూపించాడు.

“ఈ విమానం ఎగరకపోతే లాభం ఎవలికి? ఎక్కుడంటే భయపడేటోళ్లకు! అమ్మా, నిజం చెప్పుండ్రి. పొద్దున మీరేం జేసిండ్రు?”

“ఏయ్ వెంకటీ, ఊకో,” అన్నాను. ఆలస్యమైపోయింది.

రిబ్కమ్మ ముఖం పాలిపోయింది. హెల్మెట్ లోపల్నుంచి చిన్న గొంతుతో అంది. “ప్రార్థన జేసిన. ఇంజిన్ స్టార్టు గావద్దు ప్రభువా అని.”

“ఆయుధం దొరికింది!” అని వెంకటి ఎగిరాడు.

యేసుదాసు గారు మాత్రం చేతిలో స్పానరు కింద పెట్టేశాడు. “భయమైతే రానని చెప్పొద్దా రిబ్కా? నేనేమన్న బలవంతం జేసిన్నా?”

“చెప్తే నీ మొకం జూడబుద్ధి కాదు. అందుకే దేవుని మీదికి తోసిన.” ఆమె లేచి నిలబడింది. స్వెటర్లతో సహా. “గని పొద్దటి సంది నువ్వు గా ఇంజిన్ చుట్టు తిరుగుతుంటె, నాకే అది ఆగినప్పుడల్ల పానం కొట్టుకుంటున్నది. ఇప్పుడు స్టార్టు గావాలని ప్రార్థన జేస్తున్న. జర చెయ్యి దాన్ని.”

ఆయన దగ్గరికొచ్చాడు. ఆమె హెల్మెట్ బెల్టు వదులుగా ఉంటే బిగించాడు.

ఇలాంటి చోట మామూలు మనుషులు పక్కకు పోయి టీ తాగుతారు. వెంకటి వేలిముద్రలు తీయాలన్నాడు.

“పొడి గావాలె. మెత్తటిది, రంగున్నది,” అని చుట్టూ చూసి, సక్కుబాయి గంపలోంచి గుప్పెడు తీశాడు.

“అరె బాబా, గది కారం—” అంటూనే ఉంది ఆమె.

వాడు ఇంజిను దగ్గర వంగి ‘ఫూ’ అని ఊదాడు. గాలి ఎదురు తిరిగింది. తరువాతి విషయాలు నేను చూడలేదు, విన్నాను. నా కళ్లలో కూడా పడింది. వెంకటి తుమ్మాడు. ఆ తుమ్ముకు మిల్లు కప్పు మీది పావురాలన్నీ లేచాయి. రెండో తుమ్ముకు వాడే లేచాడు. ఏదో పట్టుకుని ఆపుకోబోయాడు, ‘టప్’మని ఏదో ఊడింది, వాడు కింద పడ్డాడు.

నీళ్లతో కళ్లు కడుక్కుని చూసేసరికి వాడు ప్యాంటు జేబు మీద చెయ్యి పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాడు. ముక్కు టమాటాలా ఉంది.

“అందరు దూరం జరుగుండ్రి. ఆఖరిపారి చూస్త,” అని యేసుదాసు గారు కారం తుడిచి బటను నొక్కాడు.

ఇంజిను గర్రుమంది. నడిచింది. ఆగిపోతుందని అందరం ఊపిరి బిగబట్టాం. ఆగలేదు. బిగబట్టిన ఊపిరి ఇక ఆగక వదిలేశాం. ఇంజిను ఇంకా నడుస్తూనే ఉంది. రిబ్కమ్మ చప్పట్లు కొట్టింది. చాలాసేపు నడిపి ఆయనే ఆపాడు.

“గిదేం మాయ? నేనేం జెయ్యలే,” అన్నాడు.

“నేరస్థుడు నన్ను జూసి భయపడ్డడు సార్. గని వాడు నేరం జేసిన కాడికి మల్ల రాకుండ ఉండలేడు. ఇక్కన్నే ఉన్నడు. నా దగ్గర్నే తిరుగుతున్నడు!”

అది నిజం. ఒక ఎర్ర కందిరీగ పెట్రోలు ట్యాంకు చుట్టూ తిరిగి, దేనికోసమో వెతికి, దొరక్క, తిన్నగా వెంకటి దగ్గరకొచ్చింది. జేబు దగ్గర ఆగింది. లోపలికి పోయింది.

వెంకటి ఆ మిల్లు ముంగిట్లో ఆడిన చిందు బోనాల్లో కూడా చూడలేదు. చివరికి జేబు తిరగేసి విదిలించాడు. కందిరీగ ఎగిరిపోయింది. చేతివేలంత రబ్బరు పైపు కింద పడింది.

“గిది నా ట్యాంకు మూతకుండేది గదా! నీ జేబుల్కెట్లొచ్చె?” అన్నాడు యేసుదాసు గారు.

“ఊడొచ్చింది సార్. విమానం ఇరిగిందనుకున్న. తిడ్తరని...” డిటెక్టివ్ గొంతు పీలగా ఉంది.

ఆయన పైపులోకి చూశాడు. ఒక కొస నుంచి ఇంకో కొసకు వెలుతురు రాలేదు. లోపల గట్టిగా మట్టి. కందిరీగ గూడు.

“ఓరి నీ! గిదా సంగతి! పెట్రోలు కిందికి పోతుంటె ట్యాంకులకు గాలి రావాలె. గాలొచ్చే తొవ్వ గిది. నూనె డబ్బకు ఒక్కటే బొక్క పొడిస్తె నూనె రాదు సూడు, గట్ల బందైంది. పెట్రోలు అందక ఇంజిన్ సచ్చింది. ఇన్ని జూసిన, గీ పైపు లోపట చూడకపోతిని!”

వెంకటి వెంటనే నిటారుగా నిలబడ్డాడు. “నేను మొదట్నే చెప్పిన గద సార్, గొంతు పిసికిండ్రని!”

ఆ మాట చెప్పింది యేసుదాసు గారు. కానీ ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడంటే, వెంకటిని కౌగిలించుకున్నాడు. కారం ఆయన స్వెటరుకూ అంటింది.

పైపు కడిగి బిగించి, ఇంజిను మళ్లీ చాలాసేపు నడిపి, ముందు తనొక్కడే ఒక చుట్టు తిరిగొచ్చాడు. తర్వాత రిబ్కమ్మను వెనక సీట్లో కూచోబెట్టి బెల్టు కట్టాడు. విమానం పరుగెత్తింది. నేల వదిలింది. సక్కుబాయి మిర్చి నాలుగు దిక్కులా లేచింది. పైనుంచి రిబ్కమ్మ కేక వినబడింది. మొదట అది ఏడుపనుకున్నాం. రెండో చుట్టులో తెలిసింది, కీర్తన పాడుతోంది.

దిగాక వెంకటి ముందుకెళ్లి చెయ్యి అందించాడు. “దిగుండ్రమ్మా. కేసు ఖతం.”

రిబ్కమ్మ హెల్మెట్ అద్దం పైకెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, నోరు మాత్రం ఆగడం లేదు.

“సక్కుబాయీ, నీ పోయిన బకీటు మిల్లు కప్పు మీద ఉన్నది. కోతుల పనే. ఆ వాగు కాడ నల్ల మేక ఒకటి ఒంటరిగ తిరుగుతున్నది, ఎవల్దో అడుగు. చర్చి వెనక గోడ కూలింది, పాస్టరు గారికి ఫోన్ జెయ్యి.”

ఒక్కసారి ఎగిరితే మూడు కేసులు. వెంకటి చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

“దిగవా రిబ్కా?” అన్నాడు యేసుదాసు గారు వెనక్కి తిరిగి.

“లారీ వచ్చేది పొద్దుగూకినంక గదా,” అంది ఆమె, బెల్టు ఇంకాస్త బిగించుకుంటూ. “పెట్రోలు పొయ్యి.”