గేర్‌బాక్స్‌కు రంగు కుదిర్చిన మేస్త్రి

ఆంజినప్ప కారు కింద నెత్తురు మడుగు కట్టి ఉంది.

కనీసం ఆ పొద్దున, వేపపుల్ల నోట్లో పెట్టుకుని వాకిట్లోకి వచ్చిన ఆంజినప్పకు అది నెత్తురులాగే కనిపించింది. ముందు చక్రాల మధ్య, సిమెంటు నేల మీద, మూరెడు వెడల్పున చిక్కటి ఎరుపు. పిల్లి నలిగిందా, కుక్క నలిగిందా అని వంగి చూశాడు. ఏదీ లేదు. ధైర్యం చేసి చూపుడువేలు అద్ది వాసన చూశాడు. జిడ్డు. ఆయిల్. ఆ క్షణాన నెత్తురైనా బాగుండేదనిపించింది. పిల్లి చస్తే ప్రయాణం ఆగదు.

ఆ రోజు ప్రయాణం ఆగడానికి వీల్లేదు. గుమ్మఘట్టలో ఒక రైతు ఇంట పెళ్లి. మధ్యాహ్నం రెండు గంటలకు పెళ్లికూతురిని చేస్తారు. ఆ పిల్ల కట్టుకోవలసిన పట్టుచీర ధర్మవరంలో, ఇదే కారు వెనకసీటులో, అట్టపెట్టెలో ఉంది. పిల్ల తండ్రి రంగు నచ్చలేదని మూడుసార్లు తిప్పి పంపితే, నాలుగోసారి ఆంజినప్ప తన చేత్తో పోగుకు రంగు అద్ది, దగ్గర కూర్చుని నేయించాడు. "నా కారులో నేనే తెచ్చి నీ చేతిలో పెడతా" అని మాటిచ్చాడు. ఆ రైతు జాగ్రత్తపరుడు. ఎందుకైనా మంచిదని జయచంద్ర దగ్గర ఇంకో చీర కొని ఇంట్లో పెట్టుకున్నాడు. జయచంద్ర రంగుపని నేర్చుకున్నది ఆంజినప్ప దగ్గరే. రెండు గంటలకు ఆంజినప్ప చీర చేరకపోతే, శిష్యుడి చీర పెళ్లిపీటల మీద కూర్చుంటుంది.

కారు రెండు నెలల కిందట అనంతపురంలో కొన్న సెకండ్ హ్యాండ్ బండి. ఆటోమేటిక్. గేర్లు అదే మార్చుకుంటుంది, మనిషి ఊరికే కూర్చుంటే చాలు. ఆంజినప్పకు అందులో నచ్చిన గుణం అదొక్కటే.

భార్య వనజాక్షి బకెట్టుతో వచ్చి మడుగు చూసింది.

"గేర్‌బాక్స్ ఆయిలేమో. కారులో పుస్తకముండాది గదా, ఏం పోయాల్నో చూడరాదా?"

"పుస్తకం చూసి ఎరుపు కనుక్కునే కర్మ నాకు పట్టలేదులే."

"అయితే బస్సుకు పోదాం పా."

"కారులో వస్తానని చెప్పి బస్సు దిగితే, జయచంద్రగాడు మూతి మూసుకోని నవ్వుతాడే."

"మూతి మూసుకుంటే మనకేం నష్టం, నవ్వుకోనీ."

ఆంజినప్ప ఆ మాట విననట్టు లోపలికి వెళ్లాడు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా పట్టుకు రంగులద్దుతున్న మనిషి. రంగుల కార్డు ముట్టుకోడు. బెంగళూరు షావుకార్లు రవికె ముక్క తెచ్చినా, గోడ పెచ్చు తెచ్చినా, ఒకాయన సగం కొరికిన దానిమ్మకాయ తెచ్చినా, అదే రంగు పోగులోకి దింపి ఇచ్చినవాడు. అలాంటివాడికి కారు ఆయిల్ ఒక లెక్కా. తెల్లటి పట్టుపోగు ఒకటి తెచ్చి మడుగులో ముంచాడు. తూర్పు ఎండకు ఎత్తి పట్టాడు. కన్ను సగం మూసి చూశాడు.

"మిరపపండు ఎరుపు. లోపల ఒక పిసరు వంకాయ," అని తేల్చాడు. వైద్యం సగం అయిపోయినట్టే.

బజారులో స్పేర్ పార్టుల అంగడి ఫరీదాది. ఏ బండికి ఏ నట్టు పడుతుందో నిద్ర లేపి అడిగినా చెప్పగలదు. ఆంజినప్ప పోగు పట్టుకుని వెళ్లేసరికి ఆమె అప్పుడే షట్టరు ఎత్తుతోంది.

"కారు పేరు చెప్పన్నా. యా సంవత్సరంది?"

"కారుతో పని లేదు ఫరీదమ్మా. ఎర్ర ఆయిళ్లన్నీ తియ్యి."

"ఆటోమేటిక్‌లోనే మస్తు రకాలుంటాయన్నా. ఒకదాని ఆయిలు ఇంకోదానికి పడదు. ఆ రంగు కంపెనీవాళ్లు కలిపేది, కారితే ఏది కారిందో కనపడేదానికి. రంగు చూసి పోసేది కాదు, పుస్తకంలో యా నంబరు రాసింటే ఆ నంబరు డబ్బా పోసేది."

"రంగు సంగతి నువ్వు నాకు చెప్తాండావా?"

ధర్మవరంలో ఈ ప్రశ్నకు జవాబిచ్చినవాళ్లు ఇంతవరకు లేరు. ఫరీదా మూడు డబ్బాలు తీసి మూతలు విప్పింది. ఆంజినప్ప మూడింటిలో మూడు పోగులు ముంచి, గడప దగ్గర ఎండలో వరసగా పట్టుకున్నాడు. బేరానికి వచ్చిన ఇద్దరు ఆటోవాళ్లు కూడా తలలు చేర్చారు. మొదటిది పసుపుకు మళ్లింది. రెండోది నల్లబడింది. మూడోది ఇంటి పోగు పక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోలేనంతగా కలిసిపోయింది.

"ఇది."

"అన్నా, అది ట్రాక్టరు స్టీరింగుకు పోసేది."

"పోగు ఒప్పుకున్న్యాక ట్రాక్టరైతే ఏమి, ఇమానమైతే ఏమి. ఇట్లాంటివి ఎన్నుంటే అన్నీ కట్టు."

ఫరీదా డబ్బాలు కట్టించింది. రసీదు వెనక 'వద్దని చెప్పినాను' అని రాసి కింద సంతకం పెట్టింది. రసీదు తిప్పి చూసే అలవాటు ఆంజినప్పకు లేదు.

ఇంటికొచ్చేసరికి తలుపుకు తాళం, తాళంచెవి పక్కింట్లో. వనజాక్షి కూరగాయలకు పోయింటుందనుకున్నాడు. వీధి చివరి మెకానిక్ షఫీవుల్లాకు కబురు పెట్టాడు. షఫీవుల్లా సామాన్లు తెచ్చి, ఎర్రటి మడుగు చూసి, దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తరవాత కారు కిందికి దూరి, పది నిమిషాలకు బయటికొచ్చాడు.

"మామా, పైన యాడా తడి లేదు. అంతా పొడిగుండాది."

"నేల మింద ఇంత కారింటే పైన పొడిగా ఎట్లుంటాదిరా?"

"అదే మామా నేను చెప్పబోతాండేది..."

"చెప్పొద్దు. పొయ్యి. టైమవుతాంది."

"పోనీ, కారినంత మటుకు పోస్తా."

ఆంజినప్ప అతన్ని జాలిగా చూశాడు.

"ఒక చీరలో రెండు తూర్లు అద్దిన పోగు కలిపి నేస్తే ఏమైతాది?"

"చార పడతాది." ధర్మవరంలో పుట్టినవాడికి ఆ మాత్రం తెలుసు.

"గేర్‌బాక్స్‌లో మాత్రం పడదా? పాతదంతా దింపు. ఒకే అద్దకం ఉండల్ల."

షఫీవుల్లా పళ్లెం పెట్టి బిరడా విప్పాడు. గేర్‌బాక్స్‌లో నుంచి ఆయిల్ ధారగా దిగింది. లేత పచ్చగా ఉంది.

"మామా," షఫీవుల్లా పళ్లెం వైపు వేలు చూపించాడు. "ఇది పచ్చగుండాది. కింద పడింది ఎరుపు. ఇది అది కాదు మామా. నేను చెప్పేది కొంచెం ఇనండి..."

మామూలు మనిషైతే ఇక్కడ ఆగేవాడు. ఆంజినప్ప వంగి, పళ్లెంలోకి చూసి, చావు ఇంటికి వెళ్లినవాడిలా తల ఆడించాడు.

"రంగు దిగిపోయిందిరా. సరిగా ఉడకబెట్టని ఎరుపు ఇంతే. మొదటి వేడికే దిగిపోతాది. ఎరుపంతా నేలపాలాయ, మిగిలింది ఈ పస లేని పచ్చ. ఆ కంపెనీకి రంగు మేస్త్రి లేడు."

అరుగు మీద చేరిన ఇరుగుపొరుగు నేతగాళ్లు అవునన్నారు. చవక రంగు చేసే మోసం వాళ్లందరికీ అనుభవమే. ఒకతను ఉతికితే వెలిసిన తన పంచె కథ మొదలుపెట్టాడు. ఇంత అనుభవం ముందు షఫీవుల్లా చదివిన ఐటీఐ నిలబడలేదు. ఎర్ర ఆయిల్ పోశాడు.

పదిన్నరకు కారు కదిలింది. షఫీవుల్లా కూడా పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఎందుకురా అని అడిగితే, "తోడుంటా మామా" అన్నాడే గాని మొహంలోకి చూడలేదు. వీధి మలుపు దాటేలోపే కారు మూలగడం మొదలుపెట్టింది. ఊరు దాటాక మూలుగు ఏడుపైంది. ఇంజను అరుపు చూస్తే బండి అనంతపురంలో ఉండాలి, చక్రాలు చూస్తే ఇంకా ధర్మవరం వదల్లేదు. ఎండిన వేరుశనగ చేల మధ్య చిన్న మిట్ట వచ్చింది. కారు సగం ఎక్కి నిలిచిపోయింది. ఆంజినప్ప ఎంత తొక్కినా ఇంజను గోల చేసిందే కానీ చక్రం తిరగలేదు. వెనక వస్తున్న గొర్రెల మంద కారును రెండు పక్కలా దాటుకుని ముందుకు పోయింది.

"కొత్త రంగు కదా, పట్టేదానికి టైం కావాల," అన్నాడు ఆంజినప్ప. ఆ మాట అతనికే అంత గట్టిగా వినిపించలేదు.

గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. ఏ లారీనో ఆపి ఎక్కాలి, వేరే దారి లేదు. వెనక తలుపు తీసి అట్టపెట్టె ఎత్తుకున్నాడు. పెట్టె గాలిలోకి లేచింది. బరువు లేదు. మూత తీశాడు. లోపల ఏమీ లేదు.

ముప్ఫై ఎనిమిదేళ్ల పేరు, ఒక పిల్ల పెళ్లిచీర, ఖాళీ పెట్టె. ఎవడు తీశాడు, ఎప్పుడు తీశాడు? జయచంద్ర మొహం కళ్ల ముందు మెదిలింది. భార్యకు ఫోన్ చేశాడు.

"వనజా, చీర పాయనే. ఎవడో ఎత్తకపోయినాడు."

అటువైపు బస్సు హారను మోగింది. "ఎవడూ ఎత్తకపోలేదు. నా సంచిలో ఉండాది. రాయదుర్గం దగ్గరికొచ్చినా. పెట్టె బస్సులో నలుగుతాదని ఆడే పెట్టినా."

"చెప్పకుండా పోయినావా?"

"నువ్వు పోగు ముంచుకోని బజారుకు పోతివి చూడు, అప్పుడే తెలిసె, ఈ పొద్దు కారు లేచేది లేదని. యాడుండావు?"

"దారిలో," అన్నాడు ఆంజినప్ప. అది అబద్ధం కాదు.

ఒంటి గంట దాటాక మళ్లీ ఆమే చేసింది. వెనక మేళం వినపడుతోంది. "చీర కట్టినారయ్యా. పిల్ల అద్దం ముందర నుంచి లేయడం లేదు. వాళ్ల నాయన కూడా ఈసారి ఏం వంక పెట్టలా. జయచంద్ర చీర బీరువాలో పడిపాయ. రంగేసిన మేస్త్రి కారులో వస్తాండాడని చెప్పినా, ఊరంతా రోడ్డుకొచ్చి చూస్తాండారు. తొందరగా రా."

ఆంజినప్ప ఫోన్ జేబులో పెట్టి, కారు నీడలో కూలబడ్డాడు. గెలిచిన మనిషి మొహం కాదది. పక్కన షఫీవుల్లా కారులోని పుస్తకం తీసి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడు.

"మామా, దీనికి ఆ పచ్చ ఆయిలే పోయాలంట. వేరేది పోస్తే గేర్‌బాక్స్ చెడతాదని పెద్దక్షరాల్లో రాసినారు."

"రంగు దిగలేదా?"

"దిగలా. అది దాని రంగే."

ఆంజినప్ప నెమ్మదిగా తల తిప్పాడు.

"మరి నా కారు కింద ఎరుపు యాడిదిరా?"

షఫీవుల్లా పుస్తకం మూశాడు.

"నాది మామా. నిన్న సాయంత్రం టైర్లకు గాలి చూడమంటే వస్తి గదా. కంబదూరు ట్రాక్టరుకని ఫరీదక్క అంగట్లో తీసుకున్న ఆయిలు డబ్బా మీ కారు పక్కన పెట్టినా. మూత సరిగా బిగించలా. కాలు తగిలి పడిపాయ. ఎంత కారిందో కూడా చూడకుండా ఎత్తుకోని పోయినా. పొద్దున మీరు చూపిచ్చినప్పుడే తెలిసిపాయ, అది నాదేనని. రెండు తూర్లు చెప్పబోతి, మీరు చెప్పనీలా. మూడో తూరికి నేనే చెప్పలా. రంగు దిగిందని మీరంటాంటే, నలుగురూ తలకాయలు ఊపుతాంటే, ఆయిలు ఒలకబోసినోన్ని నాకే అది నిజమేమో అనిపిచ్చె. తప్పంతా నాదే మామా, కాదనను. కానీ ఒకటి చెప్పల్ల. అంగట్లో అన్ని ఎరుపులుంటే, వట్టి పట్టుపోగుతో, మీరు సరిగ్గా నా డబ్బాలో ఆయిలే కనుక్కుంటిరి. మీ కన్ను మాత్రం యాడా తప్పలేదు."