ఎడమకి చూసే స్టీరింగ్

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ టైలరుగారు ఒక చిన్న పథకం వేసుకున్నాడు. ఆసుపత్రికి డ్యూటీకి వెళ్లిన భార్య తిరిగొచ్చేలోగా ఆవిడ జీపు స్టీరింగ్‌ని తిన్నగా చేసిపెట్టాలి. అరగంట పని, అంతే అనుకున్నాడు. లోకంలో జరిగిన అనర్థాల్లో సగం అరగంట పనుల్లోంచే పుట్టాయని పాపం ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆయన భార్య పశువుల డాక్టరు. వారానికోసారి సొంత జీపు వేసుకుని కొండ మీదికెళ్లి, అక్కడి వాళ్ల ఆవుల్నీ మేకల్నీ చూసొస్తుంది. ఆవిడ వెళ్లకపోతే ఆ పశువులకి ఇంకెవరూ లేరు. దారంతా రాళ్లు. జీపు పొట్ట వాటికి గీసుకుపోయేది. ఆవిడ ఇంటికొచ్చి నడుం పట్టుకుని కూర్చునేది తప్ప ఒక్కనాడూ విసుక్కున్నది లేదు.

కిందటేడు కాలు విరిగి టైలరుగారు నెలల తరబడి మంచానికే అతుక్కుపోతే, ఆయన్ని పసిపిల్లాడిలా చూసుకున్నదీ ఆవిడే. కుట్టు మిషను దగ్గర మళ్లీ కూర్చున్న రోజే ఆయన గట్టిగా అనుకున్నాడు, ఈవిడ రుణం ఎంతో కొంత తీర్చుకోవాలని. చీరలు ఆవిడకి అక్కర్లేదు, నగలంటే నవ్వుతుంది. అందుకని ఆలోచించి ఆలోచించి, మెకానిక్ దగ్గర జీపుకి స్ప్రింగులు మార్పించి నాలుగంగుళాలు పైకి లేపించాడు.

శనివారం సాయంత్రం జీపు ఇంటికొచ్చింది. డాక్టరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్కి వీధి చివరిదాకా నడిపి, దిగి, "ఎంత బావుందండీ! స్టీరింగ్ ఒక్కటే కొంచెం ఎడమకి చూస్తోంది" అంది.

అది మామూలే. ఎత్తు పెరిగితే స్టీరింగ్‌కీ చక్రానికీ మధ్యనున్న రాడ్డు వాలుతుంది, బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. మంగళవారం తెస్తే సరిచేస్తానని మెకానిక్ చెప్పాడు కూడా. కానీ సోమవారమే డాక్టరమ్మ పై అధికారి వస్తున్నాడు. అదే జీపులో కొండెక్కి చూసి, ఈ కొండ ప్రయాణాలు ఉంచాలా, ఆపేయాలా అన్నది ఆయన తేల్చాలి. ఆపేయాలనే ఆయన మనసులో ఉందని ఆఫీసంతా చెప్పుకుంటున్నారు. అలాంటి మనిషిని వంకర స్టీరింగున్న బండిలో ఎక్కించుకోవడం ఎలా?

డాక్టరమ్మ అన్న ఆ ఒక్క మాటా ఆవేళ అరుగు మీద కూర్చున్న ఇంకో ఇద్దరు కూడా విన్నారు. ఒకరు మామగారు, జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. రెండోవాడు ఫ్రిజ్‌లు బాగుచేసే బావమరిది. పక్కవీధిలోనే ఉంటారు. ఇద్దరికీ ఆవిడంటే ప్రాణం. ముగ్గురు మగవాళ్లూ ఆ రాత్రి ఎవరికి వారు ఒకే నిర్ణయానికొచ్చి, ఎవరికీ చెప్పకుండా పడుకున్నారు.

పొద్దున టైలరుగారు జీపు కింద దూరి, వాలిన రాడ్డు మీది గొట్టాన్ని వదులుచేసి, కొలత చూసి తిప్పి, మళ్లీ బిగించాడు. గుడ్డ కొలిచిన చెయ్యి కదా, పని అచ్చు గుద్దినట్టు కుదిరింది. వీధి చివరిదాకా నడిపి చూశాడు. స్టీరింగ్ తిన్నగా నిలబడింది. ఆనందంతో ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్లాడు.

ఆయన నెత్తిన నీళ్లు పోసుకుంటుండగా మామగారు వచ్చాడు. ఆయన పద్ధతి వేరు. బస్సులవాళ్లు కింద దూరరు. పైనుంచే స్టీరింగ్ ఊడబీకి, అది కూర్చునే కడ్డీ పళ్ల మీద ఒక్క పన్ను కుడికి జరిపి మళ్లీ తొడిగేశాడు. నడిపి చూసే అలవాటు ఆయనకి లేదు. "నా చేతిమీద పోయిన బస్సులెన్ని!" అని తనకి తానే చెప్పుకుని, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం బావ భోంచేసి కునుకు తీసే వేళ చూసుకుని బావమరిది వచ్చాడు. వాడికి ఫోన్లో చూసిన జ్ఞానం జాస్తి. ఎత్తు పెంచితే ముందు ఇరుసే పక్కకి జరిగిపోతుందనీ, దాన్ని పట్టి ఉంచే అడ్డ రాడ్డుని చూడాలనీ వాడి సిద్ధాంతం. దాని బోల్టు వదులుచేశాడో లేదో ఫోను మోగింది. ఎవరింట్లోనో ఫ్రిజ్ ఆగిపోయి పాలన్నీ విరుగుతున్నాయట. "వచ్చి బిగిద్దాంలే" అనుకుని పరిగెత్తాడు.

సాయంత్రం టైలరుగారు దర్జాగా ఇంకోసారి నడిపి చూద్దామని ఎక్కాడు. స్టీరింగ్ ఇప్పుడు కుడికి చూస్తోంది!

"ఇదేం చోద్యం! పొద్దున తిన్నగానే ఉందే! ఎక్కువ తిప్పేశానా?" అని మళ్లీ కింద దూరి, తిప్పిందంతా వెనక్కి తిప్పేశాడు. నడిపి చూస్తే తిన్నగా ఉంది. హమ్మయ్య అనుకుని లోపలికెళ్లి టీ పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, పక్కవీధిలో మామగారికి అనుమానం పట్టుకుంది. తను జరిపింది ఒక పన్నేనా, రెండా? పెద్దవయసు చేతులు, ఏం నమ్మకం? కూతురి పరువు దక్కాలంటే, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమే నయమనిపించింది. గబగబా వచ్చి, స్టీరింగ్ ఊడబీకి, మొదట ఉన్నచోటే తొడిగేసి, ఏమీ ఎరగనట్టు అరుగు మీద కూర్చున్నాడు.

దీపాలు పెట్టే వేళకి డాక్టరమ్మ వచ్చి, జీపుని లోపల పెడదామని ఎక్కింది.

"ఏవండీ, ఇంకా ఎడమకే చూస్తోందే?"

టైలరుగారు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. "ఉండదు! ఉండటానికి వీల్లేదు! నేను రెండుసార్లు సరిచేశాను!"

అరుగు మీద మామగారు దగ్గాడు. "అల్లుడూ, నువ్వు కూడానా?"

"కూడా ఏమిటి మామయ్యగారూ? మీరేమైనా వేలు పెట్టారా?"

"వేలా? ఏకంగా స్టీరింగే ఊడబీకాను."

"అయ్యో! ఎన్నిసార్లు?"

"నువ్వెన్నిసార్లో నేనూ అన్నిసార్లే."

డాక్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పొద్దుటినుంచి ఇద్దరు మగవాళ్లు చెమటోడ్చి స్టీరింగ్‌ని సరిగ్గా బయల్దేరిన చోటికే చేర్చారు మరి. ఆవిడ భోజనం వడ్డించేలోగా మామా అల్లుళ్లు కలిసి కూర్చుని దాన్ని తిన్నగా చేశారు. చివర్లో వచ్చిన బావమరిది, "బావా, ఆ అడ్డ రాడ్డు నేనూ చూశాను" అన్నాడు. చూశాడంటే బిగించాడని వీళ్లనుకున్నారు. ఇద్దరి చేతుల్లోనూ పానాలున్నాయి కాబట్టి వీళ్లే బిగించి ఉంటారని వాడనుకున్నాడు. అందరూ కడుపునిండా తిని హాయిగా పడుకున్నారు.

సోమవారం పై అధికారి వచ్చాడు. ముందు సీట్లో ఆయన, వెనక మందుల పెట్టె పట్టుకుని టైలరుగారు. భార్య ముఖం వెలిగిపోతుంటే కళ్లారా చూసుకోవాలని ఆవేళ దుకాణం మూసేసి మరీ బయల్దేరాడు. స్టీరింగ్ తిన్నగా ఉంది. పెద్దరాళ్లున్న చోట కూడా జీపు పొట్ట గీసుకోలేదు.

"బండి బాగానే ఉందమ్మా. నా బెంగ అది కాదు" అన్నాడు అధికారి. "ఈ దారిలో మనిషి అలికిడి లేదు. మీరొక్కరే వెళ్తారు. మధ్యలో బండి చెడితే ఏం చేస్తారు? రేపేదైనా జరిగితే నేను జవాబు చెప్పుకోవాలి. అందుకే ఆపేద్దామంటున్నా."

"నేను చూసుకుంటాను సార్."

"అందరూ అనేమాటే అది."

మాట పూర్తికాలేదు, ముందు చక్రం గుంతలో పడింది. అంతే! స్టీరింగ్ గిలగిల్లాడిపోయింది. అక్కణ్ణుంచి జీపంతా మలేరియా జ్వరమొచ్చినట్టు వణికింది. అధికారి కళ్లజోడు ఒళ్లో పడింది. టైలరుగారి పై ప్రాణాలు పైనే పోయాయి. డాక్టరమ్మ మాత్రం కేక పెట్టలేదు, గట్టిగా బ్రేకు తొక్కలేదు. స్టీరింగ్‌ని చేతుల్లో బిగించి పట్టుకుని, మెల్లగా వేగం తగ్గించి, పక్కకి తీసి ఆపింది.

"అయిపోయింది" అనుకున్నాడు టైలరుగారు. ఏ ప్రయాణం కోసం ఆవిడ ఇన్నేళ్లు ఒళ్లు హూనం చేసుకుందో, దాన్ని తన చేతుల్తోనే ఆపించేశాడు. ఏడుపొక్కటే తక్కువ.

డాక్టరమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని జీపు కింద దూరింది. "సార్, మీరు కాస్త ఇటొచ్చి కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతారా? కొంచెం కొంచెంగా."

అధికారి కళ్లజోడు పెట్టుకుని వచ్చి కూర్చుని తిప్పాడు. ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి. కింద ఆవిడ, కుంటుతున్న ఆవు కాలు తడిమినట్టు, ఒక్కొక్క కీలు మీదా చెయ్యి వేసి చూస్తోంది. "ఇది బావుంది... ఇదీ బావుంది... ఆగండి సార్, ఇంకోసారి... ఆఁ, దొరికింది! అడ్డ రాడ్డు బోల్టు వదులు. చక్రం కదిలేలోపే ఇది టకటకా కొట్టుకుంటోంది. ఏవండీ, పెద్ద పానా ఇలా ఇవ్వండి."

పానా అందిస్తూ టైలరుగారు ఉన్నదంతా కక్కేశాడు. "సార్, ఆవిడ తప్పేం లేదండి. నిన్న మేమే బాగుచేశాం."

"మేమంటే ఎంతమంది?"

"ముగ్గురమండి."

"ముగ్గురు కలిసి ఒక్క బోల్టు బిగించలేకపోయారా?"

"ఒక్కడే అయితే బిగించేవాడండి."

కింద నుంచి డాక్టరమ్మ నవ్వు వినిపించింది. బోల్టు బిగించి, ఒంటినిండా మట్టితో బయటికొచ్చి, తలవంచుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసింది. "ఎందుకండీ ఆ ముఖం? నాకోసం ముగ్గురు మనుషులు ఆదివారం పూట మట్టిలో పొర్లారు. ఎంతమందికుంటుంది ఈ అదృష్టం? నిజంగా నా మనసు నిండిపోయింది. కాకపోతే ఇంకోసారి దూరారంటే మాత్రం బయటికి రానివ్వను."

టైలరుగారు భుజం మీది తువ్వాలుతో ఆవిడ చేతుల మట్టి తుడిచాడు. రుణం తీర్చుకుందామని బయల్దేరితే అది రెండింతలైంది. అయినా ఎందుకో ఆయనకి చాలా సంతోషంగా ఉంది.

తర్వాత ఎన్ని గుంతల్లో పడ్డా జీపు వణకలేదు. కొండ మీద పశువుల్ని చూసుకుని తిరిగి దిగారు. ఊరు కనిపించాక అధికారి డాక్టరమ్మ వైపు తిరిగాడు. "మధ్యలో బండి చెడితే ఏం చేస్తారని కదమ్మా అడిగాను? నోటితో చెబితే నమ్మేవాణ్ణి కాదు. ఇవాళ బండి చెడకపోయుంటే ఈ ప్రయాణాలు కచ్చితంగా ఆపేసేవాణ్ణి." వెనక్కి తిరిగి టైలరుగారికి ఓ నమస్కారం కూడా పెట్టాడు. అది దేనికో టైలరుగారికి అర్థం కాకపోయినా తిరిగి పెట్టేశాడు.

నాలుగు రోజుల్లో ఆర్డరు వచ్చింది. కొండ ప్రయాణాలు యథావిధిగా కొనసాగించవలెను. డాక్టరుగారి కుటుంబ సభ్యులెవరూ పానాతో వాహనం దరిదాపులకు రాకూడదు.