పస్కా వారంలో పరాయి విస్కీ

ఆ ఉదయం మెనాషె గ్రూబర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. యూదుల సమాజమందిరంలో ప్రార్థన ముగించుకోవాలి, ఇంటికొచ్చి పులియని రొట్టె మీద గుడ్డు పెట్టుకుని తినాలి, పస్కా పండుగ ముగిసేదాకా ఎవరి మీదా కోపం తెచ్చుకోకూడదు. మూడోది భార్య ఫ్రేడా పెట్టిన షరతు.

ఇంటి మలుపు తిరిగేసరికి తన గ్యారేజీ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మడతకుర్చీలో పక్కింటి వెండెల్ ప్రాథర్ కూర్చుని, గ్లాసులోని విస్కీని వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

పస్కా రోజుల్లో పులిసిన ధాన్యంతో చేసినదేదీ, గోధుమ విస్కీ చుక్కయినా, యూదుడి సొత్తుగా ఉండకూడదు. అందుకని అమెరికాలో, లూయీవిల్‌లోని ఆ పేట యూదులందరూ తమ సీసాలను మతగురువు రబ్బీ ద్వారా ఏటా వెండెల్‌కు అమ్మేసి, పండుగ కాగానే తిరిగి కొనుక్కుంటారు. వెండెల్ బాప్టిస్టు చర్చిలో పెద్దమనిషి. తాగడని అందరూ అనుకున్నారు. ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

మిగతా సీసాలు పోతే పోయాయి. కానీ బల్లమీద ఉన్నవి నమూనా సీసాలు! యూదుల ఆహార నియమాలకు సరిపడే కోషర్ ముద్ర ఉన్న గోధుమ బర్బన్ విస్కీ పీపాలు మూడింటి నుంచి ఒక్కో సీసా వచ్చింది. పండుగ మర్నాడు మెనాషె రుచి చూసి, మందిరం విస్కీ సంఘానికి ఒక పీపా ఎంచాలి. నిరుడు ఆయన ఎంచిన పీపా వార్నిష్‌లా ఉందని జనం ఇంకా నవ్వుతున్నారు. ఈసారి పరువు నిలబడాలంటే ఆ మూడు సీసాలే దిక్కు.

"వెండెల్! ఏం చేస్తున్నావయ్యా?"

"నా సరుకు చూసుకుంటున్నా. ఏటా కొనడమే గానీ ఒక్కసారీ మూత తీసిన పాపాన పోలేదు. మొన్న మా పాస్టరు నిజాయితీ గురించి చెప్పాడు. కొన్నట్టు నటిస్తే మీ దేవుడికి అబద్ధం చెప్పినట్టే కదా?"

మెనాషెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. సరుకుతో పాటు గ్యారేజీని కూడా వెండెల్‌కే అద్దెకిచ్చారు. గడప దాటితే పరాయి ఇంట్లో చొరబడ్డట్టే. అక్కడే నిలబడి రబ్బీ జెలిగ్‌కు ఫోన్ చేశాడు.

"ఆ సరుకెవరిది మెనాషే?" అన్నాడు రబ్బీ.

"ఆయనదే, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. నువ్వు అడ్డుపడితే అమ్మకం ఉత్తుత్తిదని తేలుతుంది. పేటంతా ఒకే పత్రం మీద అమ్మింది. అందరి సరుకూ అనుమానంలో పడుతుంది, పండుగయ్యాక కూడా ఎవరూ ముట్టకూడదు."

"కనీసం కోప్పడచ్చా?"

"పరాయివాడి విస్కీ మీద నీకు కోపమెందుకు?"

మెనాషె పళ్లు నూరుతూ గడప బయట నిలబడ్డాడు. ఈలోగా వెండెల్ బావమరిది ఆర్విల్ వచ్చాడు. ఇద్దరూ మొదటి సీసా కానిచ్చి రెండోది తెరిచారు.

"మొదటిది తడిసిన అట్టపెట్టెలా ఉంది. ఇది తేనెలా ఉంది బావా," అన్నాడు ఆర్విల్.

"తేనె కాదు, కాస్త మాడిన పంచదార పాకం! ఇక్కడికే వాసన తెలుస్తోంది! ముక్కుందా నీకు?" అని మెనాషె గడప మీదకు వంగి అరిచాడు.

సరిగ్గా అప్పుడే ఆ పేటలోనే ఉండే గిటెల్ పోస్నర్ ఆ దారిన వెళుతోంది. ఆమెకు కనిపించింది ఇంతే: పస్కా పూట విస్కీ సీసాల మీదకు వంగి, మొహం ఎర్రగా చేసుకుని కేకలేస్తున్న మెనాషె. "అయ్యయ్యో, పట్టపగలే!" అనుకుంటూ ఆమె వీధి చివరికి చేరేలోపే కబురు వీధంతా చేరిపోయింది. సగం పేట కదిలొచ్చింది. వెనకాలే రబ్బీ.

"తాగావా?" అంది ఫ్రేడా, జనాన్ని తోసుకొచ్చి.

"తాగితే ఇంత మండేదా?" అని మెనాషె విరుచుకుపడ్డాడు. వెండెల్ మూడో సీసా మూత తిప్పాడు. అంతే, మెనాషెకు ఆగలేదు. "దించు! అది నా విస్కీ!"

వీధంతా మెనాషె వైపు తిరిగింది.

"ఎవరిదీ?" అన్నాడు రబ్బీ మెల్లగా.

"నీదా?" అని గిటెల్ మీదికొచ్చింది. "అయితే మా ఇంటి బీరువా నిండా ఉన్న సీసాల గతేంటి? మా ఆయన చచ్చిపోతాడు!"

"చెప్పవయ్యా, ఎవరిదో చెప్పు!" అని జనం చుట్టుముట్టారు. కాసేపటి క్రితం తాగుబోతని తిట్టినవాళ్లు ఇప్పుడు తన సొత్తు తనదన్నందుకు తిడుతున్నారు.

"వెండెల్‌ది," అని మెనాషె గొణిగాడు.

"వినబడలా!"

"వెండెల్‌దే! అమ్మేశాను! ఏమైనా చేసుకోనీ, నెత్తిన పోసుకోనీ, నాకేం సంబంధం లేదు!"

"అంతమాటన్నావు గనక ధైర్యంగా కానిస్తా," అని వెండెల్ మూడో సీసా కళ్లు మూసుకుని రుచి చూశాడు. "ఇదీ విస్కీ అంటే," అన్నాడు. చీకటి పడేలోపు మూడు సీసాలూ ఖాళీ అయ్యాయి.

పండుగ మర్నాడు సంఘం కూర్చుంది. రుచి చూడ్డానికి చుక్క లేదు, చూసినవాళ్లు ఆ బావాబావమరుదులిద్దరే. వెండెల్‌ను పిలిపించి, ఆయన మాట మీద మూడో పీపానే పంపమని కబురు పెట్టారు. మెనాషె ఒక్కడే చెయ్యెత్తలేదు.

వేసవి చివర ఆ పీపా సీసాల్లోకెక్కి మందిరానికి వచ్చింది. శనివారం ప్రార్థన కాగానే తలా కాస్త పోశారు. వంకపెట్టి తీరాలని పొద్దుటి నుంచీ తయారై వచ్చిన మెనాషె ఒక గుటక వేశాడు. మెత్తగా, వెచ్చగా దిగింది. ఇంకో గుటక వేశాడు. వంక దొరకలేదు. ఒళ్లు మండిపోయింది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"కొంచెం నీళ్లు పడాలి," అన్నాడు మెనాషె, గ్లాసు మళ్లీ ముందుకు చాపుతూ.